పెద్దాయన మాటలు

సీరియల్లో విలన్‌ను చూసి జనం నవ్వుతున్నారంటే రాసేవాళ్ళకు అంతకు మించిన తలవంపులు ఇంకేముంటాయి? ప్రార్థనామందిరం నడిపే పెద్దాయన పాత్ర అది. దేవుడి పేరు చెప్పి ఊరినంతా గుప్పిట్లో పెట్టుకోవాలి. తీరా చూస్తే కళ్ళెర్రజేయడం, పళ్ళు కొరకడం, "సర్వనాశనమైపోతావ్" అని శపించడం, వీటితోనే సరిపోయింది పాపం. నెల తిరిగేసరికి చూసేవాళ్ళు సగానికి పడిపోయారు.

ఆ వేషం వేసే ముసలి నటుడు మేకప్ గదిలో అద్దం ముందు కూర్చుని రచయిత్రి గాలి తీసేశాడు.

"ఏమ్మా, వీడు దేవుణ్ణి నిజంగా నమ్ముతాడా, నటిస్తాడా?"

"విలన్ కదండీ, నటిస్తాడు."

"అక్కడే పప్పులో కాలేశావ్. దొంగభక్తుణ్ణి ఎవడైనా పట్టేస్తాడు. తను చేసేది మంచే అని మనసారా నమ్మేవాణ్ణి ఏం చేస్తాం? అలాంటి మనిషిని ఎప్పుడూ చూళ్ళేదా నువ్వు?"

చూడకేం? ఆమె ఇంట్లోనే ఉండేవాడు. మూడు పూటలా ప్రార్థన చేసే తండ్రి. వేరే మతం వాణ్ణి కట్టుకుందని చిన్నకూతుర్ని గడప తొక్కనివ్వలేదు. ఆయన పోయి రెండేళ్ళయింది. చెల్లెలు ఈమెతో మాట్లాడి ఆరేళ్ళు. ఫోన్ చేస్తే ఎత్తదు. ఒక్కసారి 'అక్కా' అని పిలిస్తే చాలునని ఈమె ప్రాణం కొట్టుకుపోతూ ఉంటుంది.

ఆ మధ్యాహ్నమే క్యాంటీన్‌లో కూర్చుని ఒక్క బిగిన రాసేసింది. ఒక్క కొట్టివేత లేదు. చెప్పుకోడానికి సిగ్గేస్తుంది గానీ, రాస్తుంటే హాయిగా కూడా ఉంది. ఆ సీన్లో పెద్దాయన అరవడు. నెలల బిడ్డనెత్తుకుని గుమ్మంలో నిలబడ్డ కూతురు వానలో తడవకుండా గొడుగు పట్టి, గేటు దాకా తనే నడిపిస్తాడు. బిడ్డ తల మీద చెయ్యి వేసి దీవిస్తాడు. తర్వాత మెత్తగా అంటాడు. "నీ మీద కోపం లేదమ్మా. నీకోసం రోజూ ప్రార్థిస్తాను. దారి తప్పినవాళ్ళకి తలుపు తీస్తే వాళ్ళకే చెడు చేసినట్టు. ఇంక రాకు."

షూటింగులో ఆ మాటలు వింటూ లైట్‌మన్ కళ్ళు తుడుచుకున్నాడు. సీన్ ప్రసారమయ్యాక జనం ఊగిపోయారు. తిట్టేవాళ్ళు తిట్టారు. సగం మందైతే ఆయనన్నదాంట్లో తప్పేముందని వాదనకు దిగారు. అది విని ఆమెకు లోపల ఎక్కడో భయం వేసింది. డైరెక్టర్ మాత్రం నేల మీద లేడు.

మర్నాడు పొద్దున ఆఫీసులో ఉండగా ఫోన్ మోగింది. చెల్లెలు. చేతిలో పేజీలు పక్కన పడేసి ఎత్తింది.

"అక్కా, నిన్నటి సీన్ చూశాను."

"నాన్న గుర్తొచ్చాడు కదే? ఆయన నీకు చేసిన అన్యాయం నలుగురికీ తెలియాలనే రాశాను."



"పాపనెత్తుకుని నేనొచ్చిన రోజు నాన్న గదిలోంచి బయటికే రాలేదక్కా. మంచం మీద కూర్చుని ఏడుస్తున్నాడు, కిటికీలోంచి చూశాను. గొడుగు పట్టింది నువ్వు. ఆ మాటలన్నీ నువ్వన్నవే."

కాదనబోయింది. భుజం మీద కారిన వాన నీళ్ళు, గేటు దగ్గర చెల్లెలు వెనక్కి తిరిగి చూసిన చూపు, ఇంట్లోకొచ్చి ఏదో పుణ్యం చేసినట్టు తను కడుపునిండా తిని నిద్రపోవడం, అన్నీ కళ్ళ ముందుకొచ్చాయి. ఎంత సుళువుగా ఆ చచ్చిపోయిన మనిషి నెత్తిన రుద్దేసింది!

రోజుకు ముప్ఫై పేజీల మాటలు రాసే మనిషి. 'తప్పయిపోయిందే' అన్న ఒక్క ముక్క నోటికి రాలేదు. వచ్చింది వేరే.

"అప్పుడు నీ మంచి కోరే కదే..."

"అవునక్కా," అంది చెల్లెలు. "పెద్దాయనా అలాగే అంటాడు. చాలా బాగా రాస్తున్నావు."

అందులో వెటకారం లేదు. ఉంటే తనూ ఏదో ఒకటి అనేది, ఇద్దరూ దెబ్బలాడుకునైనా మళ్ళీ కలిసేవాళ్ళు. ఇంతలో అటువైపు ఎవరో చిన్నపిల్ల, "ఎవరమ్మా?" అని అడగడం వినిపించింది.

"టీవీ సీరియల్ రాస్తారు, ఆవిడ," అని చెప్పి చెల్లెలు ఫోన్ పెట్టేసింది.