శుక్రవారం స్కానర్

వేణుమాధవ్‌కు భార్య మీద నమ్మకం ఉంది. దేవుడి మీద అంతకన్నా ఎక్కువ నమ్మకం ఉంది. ఆయనకు నమ్మకం లేనిదల్లా అంబులెన్స్ మీదే. అంత బరువైన బండి, కొండ చుట్టూ మెలికలు తిరిగే రోడ్లు, చెప్పాపెట్టకుండా అడ్డం వచ్చే జింకలు, ఆ బండిలో రాగిణి.

పరదేశంలో, హెర్న్‌డన్ అనే ఊళ్లో చాలా ఏళ్లు ఇండియన్ గ్రోసరీ నడిపి, దాన్ని భాగస్వామికి అప్పగించి, ఇద్దరూ షెనండోవా లోయలో ఒక పాత ఇల్లు కొనుక్కున్నారు. పూజ చేసుకుంటూ, వంకాయలు పండించుకుంటూ ప్రశాంతంగా ఉందామని ఆయన ఆశ. రాగిణి కూడా అలాగే అనుకుంది, ఒక నెల పాటు. ఆ తర్వాత ఊళ్లో అంబులెన్స్ నడిపే రెస్క్యూ స్క్వాడ్ వాళ్ల షెడ్డు ముందు ‘వాలంటీర్లు కావాలి’ అన్న బోర్డు చూసింది. కోర్సులో చేరింది, పరీక్ష పాసైంది, యాభై దాటిన వయసులో నీలం జాకెట్ తొడుక్కుని అంబులెన్స్ ఎక్కింది.

“కందిపప్పు, చింతపండు తూచిన చేతులండీ ఇవి” అంది ఒకరోజు ఇంటికొచ్చి, అరచేతులు తనే వింతగా చూసుకుంటూ. “ఇవాళ ఆగిపోయిన గుండెని మళ్లీ కొట్టుకునేలా చేశాయి.”

వేణుమాధవ్ ఆ చేతులను కళ్లకద్దుకున్నాడు. గర్వానికి లోటు లేదు. కానీ ఆమె డ్యూటీలో ఉన్నంతసేపూ ఆయన వేలు ఫోన్ మీంచి కదిలేది కాదు. “ఎక్కడున్నావు? ఎవరు డ్రైవ్ చేస్తున్నారు? బెల్ట్ పెట్టుకున్నావా?” ఆమె ఎత్తకపోతే మళ్లీ, మళ్లీ. ఆయన కాల్ వస్తే మోగడానికి గుడిగంటలూ శంఖమూ ఉన్న రింగ్‌టోన్ పెట్టి ఇచ్చింది కూడా ఆయనే. ఒకసారి స్ట్రెచర్ మీద ఉన్న ముసలి రైతుకు ఆ శంఖనాదం వినిపించి, “అప్పుడే నాకు పిలుపు వచ్చేసిందా?” అని రాగిణి చెయ్యి పట్టుకున్నాడట.

స్క్వాడ్ కెప్టెన్ డేల్ ఆ సంగతి విని కడుపు చెక్కలయ్యేలా నవ్వాడు. నవ్వడం అయ్యాక నెమ్మదిగా చెప్పాడు, పేషెంట్ దగ్గర ఉన్నప్పుడు ఈ ఫోన్లు ఇక కుదరవని. రాగిణి ఫోన్ లాకర్‌లో పెట్టి వెళ్తే వేణుమాధవ్ స్టేషన్‌కే చేశాడు. అదీ వద్దన్నారు.

“నేను కోపంగా అనట్లేదండీ” అంది రాగిణి ఆ రాత్రి పెరుగన్నం కలుపుతూ. “ఈ నెలంతా డ్యూటీ వద్దని చెప్పాను. బుధవారం ట్రైనింగ్‌కి మాత్రం వెళ్తా. నెలాఖరు శుక్రవారం మళ్లీ డ్యూటీ వేయించుకున్నా. ఆ సాయంత్రం మీరు ఒక్క ఫోన్ కూడా చేయకుండా ఉండగలిగితే సరే. లేదంటే జాకెట్ తిరిగి ఇచ్చేస్తాను. ఇంట్లో మనిషిని అంత భయపెట్టి బయటివాళ్లకి సేవ ఏంటి?”

మానెయ్యమని ఆయన నోటికి రాలేదు. ఉండగలనని కూడా రాలేదు.

దారి చూపించింది కూతురు మాయ. దూరంగా బాతెల్ అనే ఊళ్లో ఉద్యోగం, సర్క్యూట్లతోనే పని.

“నాన్నా, మీకు అమ్మ వాయిస్ వినపడాలి, అంతే కదా? స్కానర్ కొనండి. అంబులెన్స్ వాళ్లు రేడియోలో మాట్లాడేది అంతా వస్తుంది. మీరు మాట్లాడలేరు, అది ఇంకా బెటర్. జస్ట్ వినండి.”

స్కానర్ వచ్చింది. వంటింటి గట్టు మీద పెట్టి, కిటికీ బయట చిన్న యాంటెనా వేలాడదీశాడు. ఇల్లు రెండు కొండల మడతలో ఉంది. రేడియో టవర్ కొండకు అవతల. వచ్చిందల్లా గరగర, దాని మధ్య ముక్కు మూసుకుని నీళ్లలోంచి మాట్లాడుతున్నట్టు ఎవరివో గొంతులు.

“సిగ్నల్ వీక్‌గా ఉంది. ప్రీయాంప్ కావాలి” అంది మాయ. “చిన్న బాక్స్. వీక్‌గా వచ్చిన సిగ్నల్‌ని స్ట్రాంగ్ చేసి స్కానర్‌కి పంపిస్తుంది.”

అగ్గిపెట్టెకు రెండింతలున్న ఆ డబ్బా కూడా వచ్చింది. దానికి కుంకుమబొట్టు పెట్టి స్కానర్ వెనకాల తగిలించాడు.

“ఇదివరకు మెల్లిగా గరగరలాడేదమ్మా. ఇప్పుడు ధాటిగా గరగరలాడుతోంది” అన్నాడు ఫోన్‌లో.

“ఎక్కడ పెట్టారు?”

“స్కానర్ పక్కనే. ముచ్చటగా ఉంది.”

“అయ్యో నాన్నా! హెర్న్‌డన్ గుడిలో పంతులుగారికి మైక్ ఎక్కడ పెడతారు?”

“ఆయన నోటి దగ్గర.”

“లాస్ట్ రోలో పెడితే?”

“పిల్లల ఏడుపులూ, ప్రసాదం ఎప్పుడు పెడతారన్న గుసగుసలూ వినపడతాయి.”

“ఇదీ అంతే. యాంటెనా దగ్గర సిగ్నల్ ఫ్రెష్‌గా ఉంటుంది. కేబుల్‌లో దిగేసరికి నీరసం వచ్చేస్తుంది. నీరసం వచ్చాక పెంచితే నీరసమే పెద్దగా వినపడుతుంది. పైనే పెంచండి. యాంటెనా కూడా ఎత్తులో పెట్టండి, టవర్ వైపుకి.”

టవర్ వైపు అంటే ఈశాన్యం. అక్కడ కొండల మధ్య చిన్న సందు ఉంది. ఇంట్లో ఈశాన్యం మూలనే, వంటింటిని ఆనుకుని ఉన్న పాత స్టోర్‌రూమ్‌ను ఆయన పూజగది చేసుకున్నాడు. ఇప్పుడు దాని గోడకే పొడవాటి ఇనుప గొట్టం బిగించాలి.

“ఈశాన్యంలో ఎత్తు పెట్టకూడదు రాగిణీ. వాస్తు ఒప్పుకోదు.”

“అయితే టవర్‌ని నైరుతికి జరపమని కౌంటీ వాళ్లకి చెప్పనా?”

ఆయన పూజగదిలోకి వెళ్లి స్వామితో ఏం మాట్లాడుకున్నాడో గానీ, వచ్చి గొట్టానికి పసుపు రాశాడు. ఆదివారం నిచ్చెన ఎక్కింది రాగిణే. స్క్వాడ్‌లో నేర్పిన ముళ్లతో నడుముకు తాడు కట్టుకుని, గొట్టం చివర యాంటెనా, దాని కిందే ప్రీయాంప్ బిగించింది. ఆయన కింద నిచ్చెన పట్టుకుని, పైకి చూస్తూ గోవిందనామాలు గట్టిగా చదివాడు.

“కాస్త మెల్లిగా చదవండీ, స్క్రూ పడిపోతోంది!”

కిందికి దిగి స్కానర్ ఆన్ చేశారు. ఎవరో పక్క కుర్చీలో కూర్చుని మాట్లాడుతున్నంత స్పష్టంగా ఒక ఆడమనిషి, చర్చి దగ్గర రోడ్డు మీదికి ఆవులు వచ్చాయని చెప్పింది. రాగిణి చప్పట్లు కొట్టింది. ఆవుల వార్త విని అంత ఆనందపడ్డవాళ్లు ఆ కౌంటీలో ఇంకెవరూ ఉండరు. సోమ, మంగళవారాలు కూడా స్కానర్ ముత్యాల్లాంటి మాటలు పలికింది.

బుధవారం రాగిణి ట్రైనింగ్‌కు వెళ్లింది. ఆమె బయల్దేరినప్పుడల్లా ఆయన ఒక మొక్కులా చేసే పని ఉంది. స్వామి పటం చుట్టూ అల్లిన రంగురంగుల సీరియల్ బల్బుల సెట్టు వెలిగించి, ఆమె గుమ్మంలో అడుగు పెట్టేదాకా ఆర్పడు. ఆ సాయంత్రం దీపాలు వెలిగించి, దండం పెట్టుకుని, వంటింట్లోకొచ్చి స్కానర్ తిప్పాడు.

గరగర. జల్లెడలో రాళ్లు ఆడించినట్టు ఒకటే రొద. ఎన్నిసార్లు తిప్పినా అదే. రాగిణి తిరిగొచ్చాక, జాకెట్ తీసి తగిలిస్తూ, “ఏదీ, వినిపించానా?” అంటూ తనే స్కానర్ ఆన్ చేసింది. ఈలోగా ఆయన స్వామికి దండం పెట్టి దీపాలు ఆర్పేశాడు. స్కానర్ చక్కగా పలికింది.

“బాగానే ఉందిగా!”

“నువ్వు ఇంట్లో ఉంటే బాగుంటోంది” అన్నాడు వేణుమాధవ్. మిగతా ఆలోచన బయటకు అనలేదు. ఆ రాత్రి స్వామి ముందు మాత్రం అన్నాడు. “స్వామీ, ఆవుల సంగతి వినిపిస్తావు, ఆమె గొంతు వినిపించవు. ఇది నీ సంకేతమా? ఆమె వెళ్లడం నీకూ ఇష్టం లేదా? ఇష్టం లేకపోతే ఆ గుండె ఆగినాయన్ని ఆమె చేతుల్లోనే ఎందుకు పెట్టావు?” పటంలో స్వామి ఎప్పటిలాగే ఉన్నాడు.

నెలాఖరు శుక్రవారం వచ్చింది. రాగిణి జాకెట్ తొడుక్కుని గుమ్మం దగ్గర ఆగింది.

“మీకు కష్టమైతే ఫోన్ చేసెయ్యండి. నేనేమీ అనుకోను. నిజంగానే” అంది. ఆ మాట ఆయనకు ఇంకా కష్టంగా తోచింది.

కారు మలుపు తిరిగింది. ఆయన సీరియల్ సెట్టు వెలిగించాడు, స్కానర్ తిప్పాడు. రొద. పోనీ కాసేపాగి చూద్దామని గారెలకు నానబోసిన మినప్పప్పు కడిగాడు. మళ్లీ తిప్పాడు. అదే రొద, దాని మధ్య ‘మెడిక్’ అన్న ఒక్క ముక్క తేలి మునిగిపోయింది. ఎవరో ఆత్రంగా మాట్లాడుతున్నారు. బండి ఎక్కడికో పరిగెడుతోంది. ఎక్కడికి? ఆయన చేతులు తుడుచుకుని ఫోన్ తీశాడు. రాగిణి పేరు మీద బొటనవేలు పెట్టబోయాడు.

ఇక సందేహం లేదు, ఇది స్వామి మాటే అనిపించింది. అయినా శుక్రవారం నైవేద్యం కాకుండా ఏ పనీ మొదలుపెట్టే అలవాటు ఆయనకు లేదు, చివరికి భయపడే పని కూడా. ‘ముందు గారెలు. ఆ తర్వాత ఫోన్’ అనుకున్నాడు.

పప్పు మిక్సీ జార్‌లో వేశాడు. గట్టు మీద గోడకు ఉన్నవి రెండే ప్లగ్ పాయింట్లు. ఒకదాంట్లో స్కానర్, రెండోదాంట్లో, పూజగదిలో ప్లగ్ లేక ఇటు వైరు లాగిన సీరియల్ సెట్టు. స్కానర్ తియ్యడానికి మనసొప్పలేదు. “రెండు నిమిషాలు, స్వామీ” అని లెంపలు వేసుకుని సీరియల్ సెట్టు ప్లగ్ పీకాడు.

రొద ఆగిపోయింది.

“...ఎడమవైపు బార్న్ దాటాక తెల్ల గేటు” అంటోంది రాగిణి. రాగిణే! ఇంగ్లీషులో, పక్కాగా, కొట్టులో లెక్కలు చెప్పినంత తాపీగా. “నొప్పులు దగ్గర దగ్గరగా వస్తున్నాయి. హాస్పిటల్‌దాకా ఆగేలా లేదు.”

ఆయన ఏమీ అర్థం కాక ప్లగ్ మళ్లీ పెట్టాడు. గరగర. పీకాడు. రాగిణి. పెట్టాడు, గరగర. పీకాడు, రాగిణి. నాలుగోసారి పెట్టబోయి చేతిలో ప్లగ్‌తో అలాగే నిలబడిపోయాడు. గోడకు అవతల గొట్టం, గొట్టం చివర ప్రీయాంప్. యాంటెనాకు ఏది అందితే దాన్ని పెంచి పంపడమే దాని పని. కొండ అవతలి గొంతైనా ఒకటే, గోడ ఇవతల చవక దీపాలు చేసే గోలైనా ఒకటే. ఆమె బయటకు వెళ్లినప్పుడే ఆ దీపాలు వెలిగించిందెవరు? ఆమె క్షేమం కోరి, తనే!

“నేను నీకు పెట్టిన దీపాలే నా చెవులు మూశాయా స్వామీ!” అన్నాడు. నవ్వొచ్చింది. కళ్లనీళ్లూ వచ్చాయి. సంకేతం పంపింది స్వామి కాదు, చైనా బల్బులు. ఇంతకాలం స్వామి పంపినవని తను అనుకున్న మిగతా సంకేతాల్లో ఎన్ని ఇలాంటివో అని కూడా ఒక ఆలోచన వచ్చింది గానీ, దానికి ఇది సమయం కాదు. ఇత్తడి కుందిలో నెయ్యి పోసి, వత్తి వెలిగించాడు. అది ఏ రేడియోనూ ఇబ్బంది పెట్టలేదు.

మిక్సీ మాట మరిచిపోయాడు. కుర్చీ లాక్కుని స్కానర్‌కు చెవి ఆనించి కూర్చున్నాడు. గోవిందనామాలు రెండుసార్లు చదివాడు. తర్వాత క్లిక్‌మంది. రాగిణి గొంతు, కాస్త రొప్పుతూ.

“ఆడపిల్ల పుట్టింది. ఏడ్చింది. తల్లీ బిడ్డా బాగున్నారు.” వెనక నుంచి సన్నగా, పిల్లికూనలా, ఏడుపు వినిపిస్తోంది. మాట్లాడే బటన్ వదలడం మరిచిపోయినట్టుంది, తెలుగులో ఒక పెద్ద నిట్టూర్పు. “అమ్మయ్య!”

కౌంటీ రేడియోలో, కాల్స్ అందుకుని బళ్లను పంపే డిస్పాచర్ మర్యాదగా, చివరి మాట అర్థం కాలేదు, మళ్లీ చెప్పమని అడిగింది.

వంటింట్లో వేణుమాధవ్ ఒక్కడే పగలబడి నవ్వాడు.

రాగిణి స్టేషన్‌కు తిరిగొచ్చి లాకర్ తెరిచింది. ఫోన్‌లో మిస్డ్ కాల్ ఒక్కటీ లేదు. వెంటనే డయల్ చేసింది.

“ఏమండీ! ఏమైందండీ? ఒంట్లో బాగానే ఉందా? ఒక్క ఫోనూ చేయలేదేంటి? ఎత్తడానికి ఇంతసేపా?”

“చేతులకి పిండి ఉంది” అన్నాడాయన. “గారెలు వేస్తున్నాను. ‘ఎక్కడున్నారు? ఎవరు డ్రైవ్ చేస్తున్నారు?’ అని నన్ను అడగవా?”

“వేళాకోళమా! నాకు ఎంత భయమేసిందో తెలుసా?”

“తెలుసు” అన్నాడు తృప్తిగా. “బాగా తెలుసు. ఇంతకీ, అమ్మయ్య!”

అవతల ఆమె నవ్వింది. “విన్నారా? నిజంగా విన్నారా?”

“తెల్ల గేటు దగ్గర్నుంచి విన్నాను. నువ్వూ విన్నావా, పిల్ల ఏడుపు ఎంత బాగుందో?”

ఆమె జాకెట్ తిరిగి ఇవ్వలేదు. సీరియల్ సెట్టు ఊళ్లో పెద్ద ఉత్సవం జరిగినప్పుడు స్క్వాడ్ షెడ్డుకు అలంకరించమని ఆయనే డేల్‌కు ఇచ్చేశాడు, అక్కడి రేడియోకు దూరంగా కట్టమని మరీ మరీ చెప్పి. ఇప్పుడు శుక్రవారం సాయంత్రాలు ఇంట్లో వెలిగేది నేతి దీపం ఒక్కటే. దాని పక్కన కూర్చుని ఆయన జింకల సంగతీ, చెట్లు పడ్డ సంగతీ వింటాడు. ఒక్కోసారి పేషెంట్‌ను క్షేమంగా హాస్పిటల్‌కు చేర్చాక, రాగిణి కాదు, బండి నడిపే డేల్ రేడియోలో గట్టిగా ఊపిరి వదులుతాడు. తన కొండ యాసలో, చాలా శ్రద్ధగా, “అమ్మయ్య” అంటాడు.

డిస్పాచర్ ఇప్పుడు అర్థం అడగడం లేదు.