ఇరవై ఆరో తారీకు ఫోటో

“పండుగ అయ్యేదాంక మీ గోడకున్న ఒక్క ఇటుక గూడ కదలది కాకా. మా నాయిన మీద ఒట్టు.”

డిసెంబర్ ఆరో తారీకు శనివారం పొద్దున, ఎంకపల్లి అంచున ఉన్న దయానందం ఇంటి ముందర నిలబడి భూపాల్ అన్న మాట ఇది. అప్పుడు దయానందం వాకిట్లో కూర్చుని వెదురు బద్దలతో క్రిస్మస్ స్టార్ కడుతున్నాడు. అతని భార్య లిదియా గరిజెల పిండి జల్లిస్తోంది. తల్లి బీరమ్మ లోపలి గోడకున్న ఫోటోలను ఉప్పునీళ్లలో ముంచిన గుడ్డతో తుడుస్తోంది. ఒట్టు మాట విని ఆమె గడపలోకి వచ్చింది.

“నీ నాయిన మీద ఎందుకురా, నీ వీపు మీద వెయ్యి ఒట్టు. అది నా దగ్గెరనే ఉన్నది.”

భూపాల్ నవ్వాడు గానీ లోపలికి రాలేదు. గేటు దగ్గర ప్లాట్ల వెంచర్ వాళ్ల తెల్లకారు ఇంజన్ ఆపకుండా ఎదురుచూస్తోంది.

బీరమ్మ అన్నది నిజమే. ఆ గోడకు ఇరవై తొమ్మిది ఫోటోలున్నాయి. పందొమ్మిది వందల తొంభై ఆరు నుంచి ఏటా డిసెంబర్ ఇరవై ఆరున, పండుగ మర్నాడు, ఇంటి బయటి నీలం గోడ ముందర అందరూ వరుసగా నిలబడతారు. చేవెళ్లలో స్టూడియో నడిపే భిక్షం బండి మీద వచ్చి ఒకే ఒక్క ఫోటో తీస్తాడు. ఆ ఏడాది ఒంటి మీద మిగిలిన దెబ్బలన్నీ ఆ ఫోటోలోకి పోతాయి. మనుషులు కొత్త చర్మంతో కొత్త సంవత్సరంలోకి నడుస్తారు. ఫోటోలో దెబ్బ మాత్రం మానదు. వారం తిరిగేసరికి నెత్తురు ఊరుతుంది. తుడవకపోతే ఫ్రేము కింది నుంచి కారి సున్నం పాడవుతుంది. అందుకే శనివారం, ఉప్పునీళ్లు, గుడ్డ.

తొంభై తొమ్మిది నాటి ఫోటోలో దయానందం మోకాలు చీలి ఉంటుంది. పటేలు వాకిలి ముందర సైకిల్ దిగనందుకు. పక్కనే ఎవరిదో మేక, ఫోటో తీసేవాడి వంకే చూస్తూ. రెండువేల ఏడులో లిదియా కొత్త చీర కొంగు కింద భుజం మీద లాఠీ గీత, చంకలో రెండేళ్ల కూతురు ఆశా, చేతిలో సగం కొరికిన కేకు. రెండువేల ఎనిమిదిలో దయానందం కొడుకు వరప్రసాద్, ఏడేళ్లవాడు, మోకాళ్ల దాకా వచ్చే స్వెట్టర్‌లో. వాడి పక్కన, వరుస చివర, చొక్కా లేకుండా ఇంకో ఏడేళ్లవాడు. వాడే భూపాల్. పక్క చేను బాలమల్లు కొడుకు. ఆ రోజు బాలమల్లు ముల్లుకర్రతో కొడితే వీపంతా చారలతో వాడు ఈ వాకిట్లోకి ఉరికి వచ్చాడు. బీరమ్మ రెక్క పట్టి వరుసలో నిలబెట్టింది. అప్పటి నుంచి వాడు ఏ పండుగా తప్పలేదు. మర్నాటి బిర్యానీ తినడం, వరుస చివర నిలబడడం, నున్నటి వీపుతో ఇంటికి పోవడం. పదిహేడు ఫోటోల్లో వాడి నెత్తురు కూడా బీరమ్మే తుడుస్తోంది.

ఆ ఫోటోలకు నెల గడువు ఉంటుంది. ఆలోపు కొట్టినవాళ్లు వచ్చి నలుగురిలో తమ నోటితో చెబితే ఫోటోలో గాయం మాసిపోతుంది. నెల దాటితే గట్టిపడి అట్లాగే ఉండిపోతుంది. ఇరవై తొమ్మిదేళ్లలో అట్లా వచ్చింది ఒక్కరే. రెండువేల పద్నాలుగులో ఆశాను కొట్టిన హాస్టల్ వార్డెన్. సంక్రాంతి సెలవుల్లో వచ్చి, “నేనే కొట్టిన బిడ్డా, ఎందుకు కొట్టిన్నో ఇప్పటికీ తెల్వది” అన్నది. ఆ ఫోటోలో ఆశా అరచేతులు తెల్లగా ఉంటాయి.

ఇదంతా వరప్రసాద్‌కు మంట. హైదరాబాద్‌లో లా చదువుతున్నాడు. ఈ ఇంటి కేసు ఒక్కటీ నిలబడకపోవడానికి కారణం ఈ గోడేనని వాడి వాదన. ఇరవై ఆరు దాటగానే ఒంటి మీద గాయం ఉండదు, ఫోన్లో తీసిపెట్టుకున్న బొమ్మల్లో ఉండదు, దవాఖాన చీటీ మీద సిరా కూడా వెలిసిపోతుంది. ఈ దేశంలో గాయం చూపిస్తేనే దెబ్బ. దెబ్బ తిన్నవాడు లేచి నడిస్తే, కొట్టినవాడు పుట్టనే లేదు.

“దున్నెటోనిదే భూమి అవ్వా! రాజీ అంటే చావు!” అనేవాడు వాడు.

“నీ మాటలు గోడ మీద రాసెటియి బిడ్డా,” అనేది బీరమ్మ. “ముందుగాల గోడ నిలవడాలె గద.”

గోడ ఇరవై మూడో తారీకు దాకే నిలబడింది.

ఆ ఇల్లూ, దాని వెనక ముప్పై గుంటలూ వెంచర్‌కు నలభై అడుగుల రోడ్డు పడాల్సిన చోట ఉన్నాయి. మంగళవారం పొద్దున పది గంటలకు ఒక జేసీబీ, రెండు జీపులు వచ్చాయి. అందరికంటే ముందు భూపాల్ దిగాడు. చేతిలో సెంట్రింగు రాడ్డు.

దయానందం నిచ్చెన మీద నుంచి స్టార్ వేలాడదీస్తున్నాడు. దిగలేదు. “ఒట్టు వెట్టినవ్ గదరా, బిడ్డా,” అన్నాడు. నిచ్చెనను తన్నారు. కింద పడ్డవాడు లేచి నీలం గోడకు వీపు ఆనించి చేతులు చాచాడు. జేసీబీ పన్ను వంటింటి మీద పడింది. గరిజెల డబ్బాలు, గిన్నెలు, లిదియా కేక, అన్నీ ఒకే చప్పుడులో కలిశాయి. వరప్రసాద్‌ను ఇద్దరు నేలకు అదిమి మట్టిలో ముఖం రుద్దారు. ఒక బూటు వాడి వేళ్ల మీద నిలబడి అటూ ఇటూ తిరిగింది. ఆ మట్టిలో నుంచే వాడు చూశాడు. భూపాల్ రాడ్డు ఎత్తడం చూశాడు. అది దిగిన చప్పుడు విన్నాడు. పచ్చి సొరకాయ పగిలినట్టుంది. దయానందం గోడ వెంట జారి కూర్చున్నాడు. నీలం మీద తల ఆనిన చోటి నుంచి కింది దాకా ఎర్రటి పట్టీ పడింది. ఊరి ఆడవాళ్లు రాళ్లు పట్టుకుని వచ్చేసరికి జీపులు తిరిగాయి. సగం ఇల్లు కూలింది. లోపలి ఫోటోల గోడ, నీలం గోడలో సగం మిగిలాయి.

చేవెళ్ల దవాఖానలో పద్దెనిమిది కుట్లు వేశారు. లోపల నెత్తురు గడ్డ కట్టిందనీ, సిటీకి తీసుకుపోయి తల తెరవాలనీ, తెరిచినా చెప్పలేమనీ డాక్టర్ అన్నాడు.

“ఇరవై ఆరుకు తీస్కపోదం,” అన్నది బీరమ్మ. “గోడ కాడికి.”

“ఒద్దవ్వా. ఈసారి ఒద్దు.” వరప్రసాద్ గొంతు వార్డంతా వినబడింది. “ఈ గాయం సాక్ష్యం. సిటీల ఆపరేషన్ చేయిస్త. ఇది మాసిందంటే హత్యాయత్నం కేసు మాస్తది, భూమి వోతది. పీడితుల నెత్తురు ఊకె పోదు!”

“పోతున్నది గదరా. మంచం కిందికి సూడు. నాకు కేసు గాదు, కొడుకు గావాలె.”

“అందరం గట్లనే అనుకుంటె వాళ్లు కొడ్తనే ఉంటరు!”

క్రిస్మస్ రోజంతా అవ్వా మనవడూ ఒకే బెంచీ మీద రెండు చివర్లా కూర్చున్నారు. సాయంత్రం దయానందం కళ్లు తెరిచాడు. కొడుకు చెయ్యి తడిమి, చాలాసేపు ముఖంలోకి చూసి, ప్రేమగా అడిగాడు.

“భూపాల్, బువ్వ తిన్నవా బిడ్డా?”

వరప్రసాద్ లేచి దవాఖాన గోడకు మూడుసార్లు తల కొట్టుకున్నాడు. తర్వాత బయటికి పోయి, పొద్దున్నే రమ్మని ఆటో మాట్లాడి వచ్చాడు.

ఇరవై ఆరున సగం గోడ ముందర కుర్చీ వేసి దయానందాన్ని కూర్చోబెట్టారు. తల పక్కకు వాలిపోతుంటే లిదియా రెండు చేతులతో పట్టుకుంది. భిక్షం వచ్చి, కూలిన వంటింటిని ఒకసారి చూసి, కెమెరా స్టాండు విప్పాడు. అప్పుడే గేటు దగ్గర తెల్లకారు ఆగింది. భూపాల్ ఒక చేతిలో మిఠాయి డబ్బా, ఇంకో చేతిలో కాగితాలతో వచ్చాడు.

“కాకా, జరిగిందేదో జరిగింది. మా వెంచర్ సారు మంచోడు. ఇండ్ల స్థలం ఇంకో దిక్కు ఇప్పిస్త అంటున్నడు. సంతకం ఒక్కటి…”

“బాపుకు చెయ్యి లేవదు,” అన్నది ఆశా. “నువ్వే లేవకుండ జేసినవ్. మర్చిపోయినవా అన్నా?”

భూపాల్ నోరు తెరిచాడు. వరప్రసాద్ దాన్ని మూసేశాడు. కూలిన గోడ ఇటుక తీసి నోటి మీద కొట్టాడు. రెండు పళ్లు మిఠాయి డబ్బా మీద పడ్డాయి. రెండోసారి కొడితే కనుబొమ్మ విడిపోయింది. మూడోసారి ఎత్తాడు. ఆశా మెడ పట్టుకుని వేలాడకపోతే ఆ రోజు హంతకుడయ్యేవాడే. భూపాల్ మోకాళ్ల మీద కూలబడి దోసిట్లోకి నెత్తురు ఉమ్ముతున్నాడు.

“ఎండ వోతున్నది,” అన్నది బీరమ్మ. “నిలవడుండ్రి.”

ఎవరూ ఆలోచించలేదు. ఇరవై తొమ్మిదేళ్ల అలవాటు కాళ్లలో ఉంటుంది. లిదియా కుర్చీ వెనక, ఆశా పక్కన, వరప్రసాద్ వాడి చోట్లో నిలబడ్డారు. ఒంటి నుంచి నెత్తురు కారితే ఎక్కడ నిలబడాలో భూపాల్‌కు ఏడేళ్లప్పటి నుంచి తెలుసు. లేచాడు. తడబడుతూ వచ్చి వరుస చివర, తన చోట్లో నిలబడి, చిన్నప్పటిలాగే గడ్డం ఎత్తాడు.

భిక్షం బటన్ నొక్కాడు.

దయానందం తల నిలబెట్టాడు. కట్టు విప్పితే కింద నల్లటి జుట్టు ఉంది. “ఆకలైతున్నది లిదియా,” అన్నాడు. భూపాల్ నాలుకతో పళ్లు తడుముకున్నాడు. అన్నీ ఉన్నాయి. వరప్రసాద్ వేళ్ల మీద బూటు గుర్తు పోయింది. భిక్షం సంచీలోని చిన్న మిషన్ ఫోటోను మెల్లగా బయటికి తోసింది.

అందులో దయానందం తల పగిలి ఉంది. భూపాల్ నోరు చితికి ఉంది. అది మామూలే. కానీ ఇంతకు ముందు కొట్టినవాళ్లు ఎవ్వరూ ఆ వరుసలో నిలబడలేదు. ఈసారి నిలబడ్డారు. ఫోటోలో భూపాల్ కుడిచేతిలో రాడ్డు ఉంది. వరప్రసాద్ కుడిచేతిలో ఇటుక ఉంది. బయట, ఎండలో, ఆ ఇద్దరి కుడిచేతులూ ఖాళీ గాలిని గట్టిగా పట్టుకుని బిగుసుకుపోయాయి.

“ఇద్దరికీ నెల ఉన్నది,” అన్నది బీరమ్మ. ఫోటోకు మేకు వెతకడానికి లోపలికి పోయింది.

కేసు నిలబడలేదు. స్టేషన్‌లో దయానందం తల తడిమి చూసి, కాగితం మీద వెలిసిన సిరా చూసి, ఇంటికి పొమ్మన్నారు. కానీ వెంచర్ కూడా అక్కడే ఆగింది. ప్లాట్లు అమ్మే పవర్ ఆఫ్ అటార్నీ భూపాల్ పేర ఉంది. రిజిస్ట్రేషన్‌కు పోతే మిషన్ మీద రెండు చేతుల వేళ్లూ పెట్టమన్నారు. పిడికిలి తెరుచుకోలేదు. సారు వాణ్ని సిటీ డాక్టర్లందరి దగ్గరికీ తిప్పాడు. పవర్ ఇంకొకరి పేర మారుద్దామంటే దానికీ వాడి వేళ్లే కావాలి. జేసీబీ రోడ్డు మధ్యలో పన్ను నేలకు ఆనించి నిలబడిపోయింది.

వరప్రసాద్‌కు ఎనిమిది రోజులు ఆశానే తినిపించింది. పిటిషన్ రాద్దామంటే పెన్ను పట్టదు.

“పొయ్యి చెప్పరాదన్నా,” అన్నది ఆశా, ముద్ద నోట్లో కుక్కుతూ. “ఎన్నడు తినిపియ్యాలె నీకు? నిన్ను చూస్తె చిన్నప్పటి లెక్క నవ్వొస్తున్నది.”

“శత్రువు మీద ఎత్తిన చెయ్యి అది. దానికి సంజాయిషీ ఏంది? వాడూ నేనూ ఒకటేనా?”

“వాని చేతిల రాడ్డు, నీ చేతిల ఇటుక. ఒకటే గాదులే. రాడ్డు పొడుగుంటది.”

వాడు పోయి ఫోటోల గోడ ముందర కూర్చున్నాడు. శనివారం. బీరమ్మ ముప్పయ్యో ఫోటో తుడుస్తోంది. కొడుకు తల తుడిచింది. గుడ్డ పిండుకుని భూపాల్ నోరు తుడిచింది. అంతే మెల్లగా, అంతే జాగ్రత్తగా. వరప్రసాద్ ఆ గుడ్డనే చాలాసేపు చూశాడు.

మర్నాడు ఆదివారం, ఆరాధన విడిచాక, చర్చిలో నుంచి వచ్చినవాళ్లంతా చూస్తుండగా వాడు వెంచర్ గేటు దాకా నడిచాడు. భూపాల్ కుడిచేతిని కండువాలో దాచుకుని కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

“నేనే కొట్టిన,” అన్నాడు వరప్రసాద్. “ఇటుకతోని. రెండు సార్లు. మూడోసారి సంపుదామనే ఎత్తిన. నాకు ఎవ్వరు జెప్పలె. నేనే.”

వేళ్లు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. ఇంట్లో, ఫోటోలో ఇటుక లేదు, భూపాల్ నోరు శుభ్రంగా ఉంది. రాడ్డు మాత్రం ఉంది. భూపాల్ కుర్చీలో నుంచి సగం లేచాడు. వెనక తెల్లకారు హారన్ మోగింది. మళ్లీ కూర్చున్నాడు.

ఆ మధ్యాహ్నమే వరప్రసాద్ తెరుచుకున్న చేత్తో కాగితం రాశాడు. ఒకటి వెంచర్ గేటుకు, ఒకటి మిగిలిన నీలం గోడకు అంటించాడు. దాంట్లో నినాదం ఒక్కటీ లేదు.

“భూపాల్,

మా బాపు తల మీద రాడ్డు ఎత్తింది నువ్వు. అది మాకు తెలుసు, ఫోటోకు తెలుసు. ఎత్తుమన్నది ఎవరో నీకొక్కనికే తెలుసు. నువ్వే కొట్టినవని చెప్పు, ఎవరు కొట్టుమన్నరో పేరు చెప్పు. గోడ ముందర, నలుగుట్ల, నీ నోటితోని చెప్పు. నెల దాటితె ఫోటో గట్టిపడ్తది. అప్పుడు ఆ రాడ్డు నీ చేతిల నుంచి ఎవ్వరు తియ్యలేరు, మీ సారు గూడ తియ్యలేడు. నువ్వు బువ్వ తిన్నవా అని బాపు ఇంకా అడుగుతనే ఉన్నడు. నీ వీపు అవ్వ ఇంకా తుడుస్తనే ఉన్నది.

బడిల జెండా ఎగిరేసినంక అందరం ఇక్కడనే నిలవడ్తం. వరుస చివర నీ చోటు ఖాళీ పెడ్తం.

జవాబుకు ఆఖరు గడువు: 2026 జనవరి 26, సోమవారం, పగలు పన్నెండు గంటలు.”