ఫోటోలో ఉన్న బొట్టు

నేను ఒక కుంకుమ భరిణెను. అరచేతిలో ఇమిడిపోతాను. మూత ఎరుపు, ఒళ్ళు పసుపు, నడుమున సన్నటి నల్లగీత. పుట్టుక గురించి అడిగితే అంకుడు కర్ర, లక్క రంగు, అంతే. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే నా చుట్టూ మనుషులు ఆడే నాటకం చూసి నాలో ఏదో మహత్తు ఉందని మీరు భ్రమపడగలరు. నాలో పోసేది పసుపూ సున్నమూ కలిపి చేసిన పొడి. దాన్ని ఎవరు పెట్టుకోవచ్చు, ఎవరు పెట్టుకోకూడదు అని తీర్మానించింది నేను కాదు, ఆ పొడీ కాదు. ఆ తెలివితేటలన్నీ మీవే.

ఏటికొప్పాకలో సన్నిబాబు అనే పనివాడి చేతుల్లో పుట్టాను. గిర్రున తిరిగే కర్రకి లక్కముక్క అదిమితే ఆ వేడికే కరిగి రంగు పట్టేస్తుంది. ఆ పైన మొగలి ఆకుతో రుద్దితే మెరుపు. ఆ మెరుపు చూసుకుని కొన్నాళ్ళు నాకూ టెక్కు ఉండేది. కొట్లో పెట్టాక అది దిగిపోయింది. కారు దిగి వచ్చిన ఒక పట్నం ఆవిడ నన్ను అటూ ఇటూ తిప్పి, "చెవి దుద్దులు పెట్టుకోడానికి బావుంటుంది" అంది. ఇంకొకాయన టేబులు మీద గుండుసూదులకి పనికొస్తానన్నాడు. ఛీ, ఇలాంటివాళ్ళ పాలబడేకంటే కర్రగా ఉండిపోవడమే నయం అనుకున్నాను.

చివరికి నన్ను కొన్నది దేముడు అనే ఆయన. అనకాపల్లి బెల్లం లారీ నడిపేవాడు. పెళ్ళయిన కొత్తలో భార్య నూకరత్నానికి ఇవ్వడానికి కొన్నాడు. బేరం కూడా ఆడలేదు. మనుషుల్లో నేను చూసిన కొద్దిపాటి పెద్దమనుషుల్లో అతనొకడు.

ఈ దేముడికి ఒక పిచ్చి ఉండేది. ఒకసారి బెల్లం లోడుతో నేపాలు సరిహద్దు దాకా వెళ్ళాడు. పొద్దున్నే గోదాము దగ్గర పళ్ళు తోముకుంటుంటే ఉత్తరాన తెల్లటి గీత కనిపించిందట. మబ్బనుకున్నాడు. క్లీనరు, "మబ్బు కాదు గురూ, మంచుకొండలు" అన్నాడట. అది మొదలు ఇరవై ఏళ్ళు ఆ తెల్లగీత గురించి చెప్పిందే చెప్పి నూకరత్నం చెవులు ఊదరగొట్టాడు. "ఆటి అవతల ఓ పేద్ద సెరువున్నాదట రత్నం. నీల్లు నీలంగుంతాయట. దగ్గర్నించి సూసి తీరాల మనం" అనేవాడు. అక్కడికి పోడానికి పాస్‌పోర్టు కావాలంటే ఇద్దరూ కలిసి తీయించుకున్నారు. విశాఖపట్నం ఆఫీసులో ఫోటో తీసే అమ్మాయి, "బొట్టు కొంచెం చిన్నది చేసుకోండి, లైటుకి మెరుస్తోంది" అంది.

"బొట్టు తగ్గిస్తే అది నా మొకమేటి?" అంది నూకరత్నం.

దేముడు పగలబడి నవ్వాడు. రూపాయి కాసంత బొట్టుతో, నిండు బుగ్గలతో ఫోటో పడింది. పదేళ్ళ గడువుతో పుస్తకాలు రెండూ ఇంటికి వచ్చాయి. మూడో నెల దేముడు లారీ స్టీరింగు మీదే తల వాల్చేశాడు. గుండె ఆగిపోయింది.

పదో రోజున జరిగిన తంతు గురించి నేను ఎక్కువ చెప్పను, నాకు అసహ్యం. ఆరోగ్యంగా, అరవై ఊళ్ళ బలగంతో వచ్చిన ఆడవాళ్ళందరూ కలిసి, అసలే ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లిన మనిషి నుదురు తుడిచారు. పెద్దాడపడుచు నన్ను దేవుడి గూట్లోంచి తీసి, "ఇంకిదెందుకు?" అని చెత్తబుట్టలో పడేసింది. మొన్నటిదాకా ఆవిడే పేరంటాలకి వచ్చినప్పుడు నన్ను కళ్ళకద్దుకుని బొట్టు పెట్టుకునేది. ఇదీ మీ భక్తి. మర్నాడు తెల్లారాక నూకరత్నం చెత్త పారబోయబోతూ నన్ను తీసుకుని కొంగుతో తుడిచి, రెండు పాస్‌పోర్టులున్న సంచీలోనే పెట్టి బీరువా మూసింది. ఆ సంచీలో మూడేళ్ళు ఉన్నాం ముగ్గురం, ఎందుకూ పనికిరామని లోకం తేల్చేసినవాళ్ళం.

మూడేళ్ళ తర్వాత బీరువా తెరుచుకుంది. మా ఎలమంచిలి నుంచి ఒక జట్టు దేముడు చెప్పిన ఆ సరస్సు యాత్రకి బయల్దేరుతోందని తెలిసి నూకరత్నం పేరిచ్చింది. దేముడి పాస్‌పోర్టు పక్కన పెట్టి, తనదీ నన్నూ హ్యాండుబ్యాగులో వేసుకుంది. నన్నెందుకు తీసుకెళ్ళిందో ఎవరికీ చెప్పలేదు. అతను కొన్నవాటిలో ఒకటైనా ఆ నీళ్ళు చూడాలని కాబోలు.

జట్టు నాయకుడి పేరు కూర్మనాథం. రిటైరైన డిప్యూటీ తాసీల్దారు. మెడలో పాస్‌పోర్టు పర్సు, చంకలో పంచాంగం, నోట్లో ఎప్పుడూ "రూల్సు ప్రకారం" అనే మాట. జీతం ఆగినా జబ్బు ఆగని ఉద్యోగి. కాఠ్మాండూలో లాడ్జి నుంచి కాన్సులేటుకి బయల్దేరే పొద్దున రాహుకాలం దాటేదాకా పదిమందినీ మెట్లమీద నిలబెట్టాడు. తర్వాత నూకరత్నం వైపు తిరిగి, "రత్నమ్మా, నువ్వు ఏమీ అనుకోకు. వీసాపని. కాస్త అందరికన్నా వెనకాల రా. ఎదురుమాత్రం రాకు" అన్నాడు.

"అలగేనండి బాబుగారూ" అంది నూకరత్నం. ఆవిడ నిజంగానే ఏమీ అనుకోలేదు. మూడేళ్ళలో అలవాటు పడిపోయింది. నాకే సంచీలో ఒళ్ళు మండిపోయింది.

కాన్సులేటంటే ఏమిటో ఆ రోజు చూశాను. ఒక దేశం తన గుమ్మాన్ని ఊడదీసి పక్కింటివాళ్ళ వీధిలో పాతుకుంటే దాన్ని కాన్సులేటంటారు. గుమ్మం ఉంటుంది, ఇల్లుండదు. మంచుకొండల అవతలి ఆ దేశానికి మన దేశం నుంచి ఈ దారిన వెళ్ళాలంటే ముందు నేపాలు వచ్చి, ఇక్కడి కిటికీ దగ్గర చేతులు కట్టుకోవాలి. వరసలో రకరకాల జనం. మోకాళ్ళ దగ్గర చిరిగిన ప్యాంట్లవాళ్ళు కొందరు, ఏ దేశం వీసా ఏ పక్కదేశంలో తొందరగా పడుతుందో ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. లోకం తిరగడమంటే ఒక కిటికీ దగ్గర్నుంచి ఇంకో కిటికీ దగ్గరికి పోవడమే వీళ్ళకి. ఏ దేశంవాడైనా సరే, కిటికీ దగ్గరికి రాగానే ఒకటే మొహం పెడతాడు. ఇంట్లో పెళ్ళాం మీద అరిచే గొంతు అక్కడ పిల్లిపిల్ల గొంతయిపోతుంది.

గేటు దగ్గర కాపలావాడు సంచులు వెతికాడు. నూకరత్నం వంతు వచ్చేసరికి నా మూత తీసి, వాసన చూసి, తుమ్మి, మూత పెట్టేశాడు. మిగతావాళ్ళు అప్పటికే లోపలికి పోయారు కాబట్టి ఎవరూ చూడలేదు. అందరికన్నా వెనకాల రమ్మన్న కూర్మనాథం పుణ్యమే అది.

అందరికీ కలిపి ఒక్కటే వీసా. ఒక్క కాగితం మీద పదకొండు పేర్లు, కింద ఒక ముద్ర. పదకొండుమందీ కలిసే లోపలికి పోవాలి, కలిసే తిరిగి రావాలి. ఆ జాబితా కూర్మనాథమే స్వయంగా వేశాడు. ఒకటో నంబరు ఆయన. రెండో నంబరు ఆయన భార్య సుభద్ర. పదకొండు ఎవరో నేను చెప్పక్కర్లేదు. ఒక్కొక్కరినీ పిలిచి మొహం, పాస్‌పోర్టు, కొత్తగా తీయించుకున్న ఫోటో మూడూ సరిచూస్తున్నారు. పదిమందికి పని చకచకా అయిపోయింది. కూర్మనాథం పంచాంగం తట్టుకుంటూ, "చూశారా, ముహూర్తం!" అన్నాడు.

పదకొండో నంబరు దగ్గర కిటికీ వెనక మనిషి ఆగిపోయాడు. పాస్‌పోర్టులో ఫోటో చూశాడు. నిండు బుగ్గలు, రూపాయంత ఎర్రబొట్టు, కళ్ళలో నవ్వు. కొత్త ఫోటో చూశాడు. పీక్కుపోయిన దవడలు, బోసి నుదురు. ఎదుట ఉన్న మనిషిని చూశాడు. తల అడ్డంగా ఊపాడు. జట్టుని తీసుకొచ్చిన గైడు దిల్‌మాయ అనే నేపాలీ అమ్మాయి అతనితో మాట్లాడి, వచ్చి, ఆంధ్రా జట్లతో తిరిగి నేర్చుకున్న తెలుగులో చెప్పింది: "ఈ పుస్తకంలో ఉన్న మనిషి ఈవిడ కాదంటున్నారు."

నూకరత్నం కిటికీకి ఇంకా దగ్గరగా జరిగింది. "నాననే సెప్పమ్మా. నానే. సిక్కిపోనాను, అంతే" అంది. అరవలేదు, ఏడవలేదు. కిటికీ చెక్కని మాత్రం రెండు చేతులా పట్టుకుంది. ఇరవై ఏళ్ళు చెవులు ఊదరగొట్టిన తెల్లగీత, ఆ చెరువు, అన్నీ ఆ చెక్క అవతలే ఉన్నాయి.

అప్పుడు మన తాసీల్దారుగారు ఏం చేశాడనుకున్నారు? "ఆవిడ పేరు కొట్టేయమనండి" అన్నాడు. "పదిమందికి ఇచ్చెయ్యమనండి. ఆవిణ్ణి రేపు బస్సెక్కించేస్తాం. ఒక్క మనిషి కోసం పౌర్ణమికి అక్కడుండకుండా పోతామా?" ఆవిడ పక్కనే ఉంది. తెలుగులోనే అన్నాడు. ఒంటినిండా విభూతి రాసుకుని ఆ మాటన్నాడు.

దిల్‌మాయ వెళ్ళి అడిగి వచ్చింది. కాగితం మీద కొట్టివేతలు కుదరవట. ఇస్తే పదకొండుమందికీ, లేదంటే అందరూ మొదట్నించీ. మధ్యాహ్నం పన్నెండుకి కిటికీ మూస్తారు, ఆపైన నాలుగు రోజులు సెలవు. పౌర్ణమి మూడోరోజే. "ఆ ఫోటోలో ఉన్నట్టు తయారై, అలాగే కొత్త ఫోటో తీయించుకుని పన్నెండులోపు వస్తే మళ్ళీ చూస్తారట" అంది దిల్‌మాయ. తర్వాత తన నుదురు మీద వేలు పెట్టి, "ఫోటోలో ఇది ఉంది కదా" అంది.

ముప్ఫై ఏళ్ళు రూల్సు అంటూ జనాన్ని తిప్పించిన మనిషికి ఇప్పుడు రెండు రూల్సు ఎదురెదురుగా వచ్చి నిలబడ్డాయి. చూడ్డానికి ఎంత హాయిగా ఉందో! కూర్మనాథం పంచాంగం తిరగేశాడు. అందులో ఈ సంగతి లేదు. గొంతు సవరించుకుని, "రత్నమ్మా, ఆపద్ధర్మం అని ఒకటుందమ్మా. ఓ నల్ల స్టిక్కరు పెట్టుకుంటే దోషం..." అని నసిగాడు.

"ఫోటోలో ఎర్రది" అంది దిల్‌మాయ, గడియారం చూస్తూ.

"అయితే ఎర్రదే. ఈ ఒక్క గంటకీ పెట్టుకో తల్లీ. నీకు దణ్ణం పెడతాను. పదిమంది పుణ్యం నీ చేతిలో ఉంది" అన్నాడాయన. నిజంగానే చేతులు జోడించాడు. పొద్దున తను వెనకాల రమ్మన్న మనిషికి, అదే పూట, అదే నోటితో.

జట్టులో పసుపుకుంకుమల ఆడవాళ్ళు ఐదుగురున్నారు. ఐదుగురి సంచుల్లోనూ కుంకుమ ఉంది, నాకు వాసన తెలుస్తోంది. ఒక్కరూ సంచీ తెరవలేదు. సుభద్ర అయితే బ్యాగు జిప్పు మీద చెయ్యి వేసి గట్టిగా పట్టుకుంది. తమ కుంకుమ ఆ నుదుటికి తగిలితే తమ మొగుళ్ళకేమవుతుందోనని. పన్నెండు మాత్రం కాకూడదు, పౌర్ణమి మాత్రం తప్పకూడదు. థూ.

నూకరత్నం ఐదుగురినీ ఓసారి చూసింది. తర్వాత తన బ్యాగు తెరిచి నన్ను బయటికి తీసింది. "అయ్యో, ఇదెక్కడిది వదినా!" అంది సుభద్ర.

"మా ఆయన కొన్నాడు" అంది నూకరత్నం.

కాన్సులేటుకి ఎదురుగా ఉన్న స్టూడియోలో అద్దం ముందు నిలబడింది. నా మూత బిగుసుకుపోయింది, మూడేళ్ళయింది మరి. రెండుసార్లు తిప్పాక వచ్చింది. లోపల అతను పోయేముందు రోజు పోసిన కుంకుమే. ఉంగరపు వేలు ముంచి నుదుటి మీద గుండ్రంగా దిద్దింది. కుంకుమ కాస్త ముక్కు మీద రాలింది. అద్దంలో చాలాసేపు చూసుకుంది. నాకు మనుషుల మీద జాలి లేదని మీకీపాటికి తెలిసే ఉంటుంది. ఆ కాసేపు మాత్రం ఉంది, ఒప్పుకుంటున్నాను.

పన్నెండుకి పది నిమిషాలుండగా కిటికీ వెనక మనిషి పుస్తకం చూశాడు, కొత్త ఫోటో చూశాడు, మొహం చూశాడు. తల ఊపి ముద్ర వేశాడు. నాలోని పొడి రంగే ఆ ముద్రకీ. ఆ ఎరుపుని అందరూ కళ్ళకద్దుకున్నారు.

గేటు దాటగానే కూర్మనాథం జేబురుమాలు తీసి అందించాడు. మళ్ళీ తాసీల్దారు గొంతు వచ్చేసింది. "పనయిపోయింది కదమ్మా. ఇంక తుడిచెయ్యి, నలుగురూ చూస్తే బావుండదు."

నూకరత్నం రుమాలు అందుకోలేదు. పాస్‌పోర్టు తెరిచి ఆయన ముందు పెట్టింది. అక్షరాలు రాకపోయినా అంకెలు వచ్చు ఆవిడకి. గడువు తేదీ మీద వేలు పెట్టింది. వేలికింకా కుంకుమ అంటుకునే ఉంది.

"దీనికింకా ఏడేల్లున్నాది బాబుగారూ. ఫోటోలో ఎలగున్నానో అలగే ఉండకపోతే నాను నాను కాదని తేల్చీసినారు కదా. మీరే దణ్ణం పెట్టి మరీ పెట్టించినారు. రూల్సు పెకారం ఏడేల్లూ ఇలగే ఉంతాను."

రూల్సు అన్న మాటకి ఎదురు చెప్పడం కూర్మనాథానికి ఆ జన్మకి తెలీదు. రుమాలుతో తన మొహం తుడుచుకున్నాడు.

పౌర్ణమినాడు ఆ నీళ్ళు చూశాను. దేముడు చెప్పినట్టు నీలంగానే ఉన్నాయి. నూకరత్నం నన్ను ఒడ్డున రాయి మీద పెట్టి పక్కన కూర్చుంది. "దగ్గర్నించి సూసీసినాం" అంది. నాతో అందో, ఇంకెవరితో అందో.

ఇప్పుడు ఎలమంచిలిలో మళ్ళీ దేవుడి గూట్లోనే ఉన్నాను. పెద్దాడపడుచు ఈ గుమ్మం తొక్కడం మానేసింది, నాకు ఆ బాధ తప్పింది. మొన్న నాలో కుంకుమ అడుగంటింది. పొద్దున పదింటికి, బజారు కిటకిటలాడుతుండగా, నూకరత్నం నన్ను చేత్తో పట్టుకుని పూజాసామాన్ల కొట్టుకి వెళ్ళింది. ముందు నిలబడ్డ ఆడవాళ్ళు తిరిగి చూశారు. కొట్టతను నన్ను అందుకుని, ఆవిడ నుదురు చూసి, తలొంచుకుని, "ఎవరికమ్మా?" అన్నాడు.

"నాకే" అంది నూకరత్నం. "నిండా పొయ్యి."