పందొమ్మిది సెంటీమీటర్ల ఎత్తు

ఈ దేశంలో దేన్ని కొండ అంటారో చూసి మొదట్లో నాకు నవ్వు ఆగేది కాదు. మలయ్‌లో కొండను బుకిట్ అంటారు. బస్సుల బోర్డుల నిండా బుకిట్లే. వాటిలో అన్నిటికన్నా పెద్దది బుకిట్ తిమా, నూట అరవై మూడు మీటర్లు. నేను మందస పక్కన పుట్టినవాణ్ణి. పొద్దున్నే గుమ్మంలో నిలబడితే మహేంద్రగిరి కనిపిస్తుంది. మా మేకలు పదింటికల్లా బుకిట్ తిమా అంత ఎత్తెక్కేసి, ఇంకా మేత దొరకలేదని పైకి చూసేవి.

ఇక్కడ పనిలో చేరిన రెండో ఏడు ఆ నవ్వు ఆగిపోయింది. ఎత్తు ఎక్కువున్న చోట పది మీటర్లు పోయినా అడిగేవాడు ఉండడు. ఎత్తే లేని చోట అంగుళం పోతే సముద్రం లోపలికి వస్తుంది.

నా పేరు మారయ్య. పద్నాలుగేళ్ళుగా సింగపూర్‌లో సర్వే కర్ర పట్టుకుంటున్నాను. ఇంజనీరు స్టాండు మీద లెవెల్ మిషన్ పెట్టి అందులోంచి చూస్తారు. ఎదర నేను అంకెలున్న పొడుగాటి కర్రను, ఇంజనీర్ల మాటలో స్టాఫ్‌ను, నేల మీద నిలువుగా పట్టుకుంటాను. మిషన్ చూపు ఎప్పుడూ ఒకే మట్టంలో ఉంటుంది. కర్ర మీద అంకె పెద్దదైతే నా కాళ్ళ కింద నేల పల్లం, చిన్నదైతే మెరక. అంతే విద్య. కానీ ఒక నియమం ఉంది. మిషన్ దగ్గరున్న మనిషి చెయ్యి ఊపేదాకా కర్ర పట్టుకున్నవాడు కదలకూడదు. చీమ కుట్టినా కదలకూడదు. కదిలితే ఆ రోజు పనంతా గంగలో కలిసినట్టే.

అలా నిలబడి నిలబడి ఈ దీవి మొత్తం నా అరికాళ్ళకు తెలుసు. బిషాన్‌లో నేల ఎక్కడ మెత్తగా లేస్తుందో, సెంబవాంగ్‌లో సముద్రం వైపు ఎలా జారుతుందో చీకట్లో నడిచినా చెప్పగలను. పాత నేల తవ్వితే ఎర్రమట్టి వస్తుంది. సముద్రాన్ని పూడ్చి చేసిన కొత్త నేల తవ్వితే గవ్వలు వస్తాయి.

మా కంపెనీ యార్డు గవ్వల నేల మీదుంది. దాని ఒక చివర పడవలు ఆగే జెట్టీ. జెట్టీ పక్కనే సిమెంటు దిమ్మ, దిమ్మ నెత్తిన రూపాయి బిళ్ళంత ఇత్తడి బొత్తాం. యార్డులో ఏది కట్టినా ఎత్తు ఆ బొత్తాం నుంచే కొలుస్తారు, ఇంజనీర్లు దాన్ని బీఎం అంటారు. సముద్ర మట్టానికి సరిగ్గా నాలుగు మీటర్ల ఎత్తని దాని లెక్క. అది పాతిన రోజు కర్ర పట్టుకున్నది నేనే. అదే నా మొదటి పని. జెట్టీ మీద ఒకసారి, బొత్తాం మీద ఒకసారి పట్టాను. రెండు చోట్లా ఒకే అంకె వచ్చింది. తోపుడుబండి జెట్టీ మీంచి యార్డులోకి చప్పుడు లేకుండా దొర్లేది.

ఆ తర్వాత మూడేళ్ళకు బండి గతుక్కుమనడం మొదలైంది. జెట్టీ అంచు దగ్గర చిన్న గట్టు తేలింది. "జెట్టీ లేచింది" అన్నారు ఎవరో. అందరూ అదే అన్నారు. గట్టుకు సిమెంటుతో ఏటవాలుగా చిన్న ర్యాంపు పోశారు. ఇంకో మూడేళ్ళకు ర్యాంపు చాల్లేదు, దాని మీద ఇంకొంచెం పోశారు. మూడోసారి కూడా పోశారు. రెండుసార్లు సిమెంటు కలిపింది నేనే. ఏటా కొలతల రోజు బొత్తాం మీద కర్ర పట్టిందీ నేనే. ఏటా రిపోర్టులో ఒకటే మాట, మార్పు లేదు.

సిగ్గుతో చెబుతున్నాను, నా కాళ్ళకు తెలుసు. కాళ్ళకు తెలిసింది నోటితో అనలేదు. కర్ర పట్టుకునేవాడివి నువ్వెవరు అంటారని నోరు మూసుకున్నాను.

పోయిన నవంబరులో వానా, సముద్రం పోటూ ఒకేరోజు వచ్చాయి. యార్డు పల్లపు చివర్లో మేం పడుకునే కంటైనర్ గదిలోకి మోకాళ్ళ దాకా నీళ్ళు. నా పక్క మంచం దశరథరామయ్య, టెక్కలివాడు, అన్నం కుక్కర్ ప్లగ్గు పీకబోయాడు. షాక్ కొట్టింది. ప్రాణం దక్కింది గానీ కుడిచెయ్యి చచ్చుబడి ఇంటికెళ్ళిపోయాడు. డ్రెయిన్ మూసుకుపోవడం వల్ల అని రాశారు. ఆ డ్రెయిన్ శుభ్రం చేసేవాణ్ణి నేనే. అందులో ఆకు కూడా లేదు.

ఆ తర్వాత అదే పల్లపు చివర అరవై మందికి డార్మిటరీ కట్టడం మొదలుపెట్టారు. నా మంచం కూడా అందులోనే. నేల ఎత్తు గుర్తు పెట్టాలి, మర్నాడు కాంక్రీటు లారీలు వస్తాయి. గుర్తు ఆ బొత్తాం నుంచే.

ఆ రోజు పొద్దున్న ఎనిమిదింటికి చాందిని మేడమ్ మిషన్ నిలబెట్టింది. హైదరాబాదు అమ్మాయి. ఇక్కడే యూనివర్సిటీలో చదివి, అప్పటికి మూడు నెలల కిందటే మా కంపెనీలో చేరింది. కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి మిషన్‌లోంచి చూసింది.

"అంకుల్, స్టాఫ్ బీఎం మీద పెట్టండి."

నేను కర్ర భుజాన వేసుకున్నాను.

"పెట్టను మేడమ్."

"ఏమైంది అంకుల్? తబియత్ మంచిగ లేదా?"

"నాను బాగానే ఉన్నాను. ఈ బొత్తామే బాగోలేదు. కిందికి దిగిపోనాది."

మా సైట్ మేనేజరు మహీధర్ సార్ కాగితాలు పట్టుకుని అక్కడే ఉన్నాడు. తెనాలి ఆయన. చెడ్డవాడని అనను. ఎప్పుడూ తొందర మీదుండేవాడు.

"ఏందయ్యా మారయ్యా పొద్దున్నే! పద్నాలుగేళ్ళ రిపోర్టులున్నయ్ నా దగ్గర. ప్రతి ఏడూ నో చేంజ్. నువ్వేమన్నా ఇంజనీరువా?"

"కాను సార్. నేలా దిగిపోనాది, బొత్తామూ దిగిపోనాది. రెండూ జతగా దిగితే తేడా ఏటి కనపడతాది? ఇద్దరు కలిసి మునుగుతా, ఒకడి మొకం ఒకడు సూసుకుని మనం మునగనేదు అనుకున్నట్టుంది."

"దిగిందని నీకెవరు చెప్పారు?"

ముంజేతి కంకణానికి అద్దమెందుకు? ర్యాంపు చూపించాను. మూడు పొరలు మూడు రంగుల్లో కనిపిస్తున్నాయి.

"అది జెట్టీ లేచి..." అని మొదలుపెట్టి ఆయనే ఆగాడు.

"జెట్టీకి రాయిదాకా కాళ్ళున్నాయి సార్. కాళ్ళున్నది నిలబడతాది. ఇసక మీద కూకున్నది కుంగుతాది. లెగడానికి అదేటి పుట్టగొడుగా?"

చాందిని మేడమ్ నవ్వు ఆపుకోవడానికి తల వంచుకుంది. మహీధర్ సార్‌కి మాత్రం ముఖం ఎర్రబడింది.

"టైం లేదు. రేపు పద్దెనిమిది లారీలు. నా పైనా వాళ్ళున్నారయ్యా, వాళ్ళకేం చెప్పమంటావ్? ఆ కర్ర అటివ్వు. సాయి కిరణ్ పట్టుకుంటాడు."

సాయి కిరణ్ నిజామాబాదు వెల్డరు. ముప్పై అయిదేళ్ళవాడు, జెట్టీ మీద కూర్చుని కాఫీ తాగుతున్నాడు. పేరు వినగానే లేచాడు. వాడికి రోషం ఉంది కానీ ముగ్గురు పిల్లలు కూడా ఉన్నారు. వాడు దగ్గరికి వస్తుంటే నాకు దశరథరామయ్య చెయ్యి గుర్తొచ్చింది. విమానం ఎక్కే రోజు ఆ చేతిని ఎడమచేత్తో ఎత్తి నాకు నమస్కారం పెట్టాడు.

కర్ర సాయి కిరణ్‌కి ఇచ్చేశాను. ఇచ్చి, వెళ్ళి దిమ్మ ఎక్కి, రెండు బూట్లూ ఆ ఇత్తడి బొత్తాం మీద పెట్టి నిలబడ్డాను.

"దిగు" అన్నాడు మహీధర్ సార్.

"దిగను."

"మారయ్యా, ఇంకో నాలుగు నెలల్లో నీ వర్క్ పర్మిట్ రెన్యువల్. సంతకం నాది. తెలుసుగా?"

"తెలుసు సార్. పర్మిట్ మీ సేతిలో ఉంది. కాళ్ళు నాయి."

భయం వేయలేదని చెబితే అబద్ధం. ఇంటి దగ్గర కూతురి నర్సింగ్ చదువు ఇంకో ఏడాది ఉంది. అయినా అంత భయంలోనూ, పద్నాలుగేళ్ళలో మొదటిసారి సరైన చోట నిలబడ్డానని అనిపించింది.

"మీ కంపెనీయే నేర్పినాది నాకు, కదలకండా నిలబడమని" అన్నాను. "సెయ్యి ఊపితేనే దిగాలని కూడా నేర్పినాది. మిషన్ కాడున్న మనిషి ఊపాలి. మీరు కాదు."

ఆయన చాందిని మేడమ్ వైపు తిరిగాడు. "చాందినీ, చెయ్యి ఊపమ్మా. మనకెందుకీ తలనొప్పి? ఫోర్ పాయింట్ జీరో అని వేసుకుని పని కానియ్."

ఆ పిల్ల ట్యాబ్‌లో ఏదో వెతికింది. పాత డ్రాయింగు. జెట్టీ అంచు ఎత్తు కూడా నాలుగు మీటర్లే అని దాంట్లో ఉంది. దాన్నీ, ర్యాంపునీ, నన్నూ మార్చి మార్చి చూసింది. ఆమె ఉద్యోగపు పాస్ మీద సంతకం కూడా ఆయనదే. అది ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

"సాయి అన్నా, స్టాఫ్ ముందు జెట్టీ మీద పెట్టు" అంది.

పెట్టాడు. చూసి అంకె రాసుకుంది. అప్పుడు నా వైపు చెయ్యి ఊపింది. దిగాను. సాయి కిరణ్ బొత్తాం మీద కర్ర నిలబెట్టాడు. ఈసారి ఆమె మిషన్‌లోంచి చాలాసేపు చూసింది.

"జెట్టీ మీద ఒకటి పాయింట్ రెండు ఒకటి రెండు. బీఎం మీద ఒకటి పాయింట్ నాలుగు సున్నా మూడు. పందొమ్మిది సెంటీమీటర్లు సార్. బీఎం కిందికి పోయింది."

"అది పెన్సిల్‌తో రాయి" అన్నాడు మహీధర్ సార్ నెమ్మదిగా. "సాయంత్రం మాట్లాడుకుందాం."

"ఫీల్డ్ బుక్కుల పెన్‌తోనే రాయాలె సార్. రబ్బరు పెట్టొద్దు, తప్పైతే ఒక్క గీత కొట్టాలె అని కాలేజీల ఫస్ట్ డే చెప్పిన్రు." అంటూనే ఆమె ఆ అంకె పెన్నుతో రాసేసింది. "ఈ ఐలాండ్‌ల మూడో వంతు నేల అయిదు మీటర్ల ఎత్తు కూడా లేదు సార్. అందుల పందొమ్మిది సెంటీమీటర్లంటే ఎంత? డార్మ్‌ల నీళ్ళొస్తే కింద సంతకం నాది ఉంటది."

మహీధర్ సార్ హెల్మెట్ తీసి నుదురు తుడుచుకున్నాడు. "ఒక్క జెట్టీని చూసి లారీలు ఆపమంటే పైవాళ్ళు నన్ను తంతారు. ఇంకో రుజువేదన్నా ఉందా?"

"ఉంది" అన్నాను. "గేటు బయట రోడ్డు సివర బస్టాపు ఎనక సిన్న కొండుంది. దాని రాయి మీద ప్రభుత్వం గుర్తుంది. అక్కడినుంచి ఎత్తు మోసుకొద్దాం. రెండు కిలోమీటర్లు. మళ్ళీ రాయి కాడికే ఎల్లి సరిపోనాదో నేదో సూద్దాం. కర్ర నాను పడతాను."

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. అందుకే ఇంటి బయటి సాక్షిని పిలిచాం.

ఆ కొండ ఇరవై మీటర్లు కూడా ఉండదు. పైన రెండు బెంచీలు, కోతులకు తిండి పెట్టొద్దని ఒక బోర్డు. కానీ దాని పక్కన రాయి బయటికి పొడుచుకు వచ్చింది, నల్లగా, పాతగా. ఎవరూ పోసింది కాదు. మొదటి కొలతకు దాని మీద కర్ర పెట్టినప్పుడు అరచేతికి చలనం తెలియలేదు. మహేంద్రగిరి ముందు ఇదెంత అనిపించలేదు ఆ రోజు. కదలనిదే కొండ. ఎత్తుతో పనిలేదు.

అక్కడినుంచి యాభై అడుగులు, కర్ర, అంకె, చెయ్యి ఊపు. మళ్ళీ యాభై అడుగులు. ఎండ మాడ్చింది. మధ్యలో పావుగంట వాన కురిస్తే మిషన్‌కి గొడుగు పట్టి మేం తడిశాం. మధ్యాహ్నానికి బొత్తాం చేరాం. తిరిగి రాయి దగ్గరికి వచ్చేసరికి అయిదైంది. చాందిని మేడమ్ కొండ మెట్ల మీద కూర్చుని కూడికలు చేసింది. పోయి వచ్చిన తేడా మూడు మిల్లీమీటర్లు. అంత దూరానికి అది తేడా కాదు. బొత్తాం నిజం ఎత్తు మూడు మీటర్ల ఎనభై ఒకటి.

మహీధర్ సార్ ఆ పుస్తకం రెండుసార్లు చదివాడు. ఫోన్ తీసి లారీలు ఆపమని చెప్పాడు. అటుపక్క ఎవరో అరుస్తుంటే "నేనేం చెయ్యను సార్, పెన్‌తో రాసింది" అన్నాడు. ఫోన్ పెట్టేసి నా వైపు చూడకుండానే వెళ్ళిపోయాడు.

డార్మిటరీ నేల పందొమ్మిది సెంటీమీటర్లు లేపి కట్టారు. గుమ్మం ముందు రెండు మెట్లు వేయాల్సింది, మూడు వేశారు. నా పర్మిట్ కాగితం మాత్రం ముందుకు కదల్లేదు. పని తగ్గిందని కారణం రాశారు. చాందిని మేడమ్ వెళ్ళి అడిగింది, గొడవ కూడా పడింది. "ఒగ్గేయండి మేడమ్, మీరు ఇక్కడ ఉండాల. ఏటా రాయి కాడినుంచే కొలవాల" అన్నాను. శుక్రవారం నా టికెట్టు. కూతురి ఆఖరి ఏడాది ఫీజు ఎలాగో చూసుకోవాలి. ఆ బాధ ఉంది, లేదనను. ఇంకో పద్నాలుగేళ్ళు ఆ బొత్తాం మీద కర్ర పట్టి నోరు మూసుకోమంటే మాత్రం నావల్ల కాదు.

నిన్న పెట్టెలు, బకెట్లు మోసుకుంటూ అందరూ కొత్త డార్మిటరీలోకి దిగారు. మధ్యాహ్నం నుంచి ఒకటే వాన, పోటు కూడా ఉంది. యార్డులో నీళ్ళు రెండో మెట్టు దాకా వచ్చి ఆగాయి. సాయి కిరణ్ నెత్తిన పరుపు పెట్టుకుని, కాళ్ళ కింద చూసుకోకుండా ఎక్కుతూ మూడో మెట్టుకు బొటనవేలు కొట్టుకున్నాడు. నేను లోపల గుమ్మం పక్కనే పొడినేల మీద కూర్చుని ఉన్నాను.

"ఎవడ్రా గీ మెట్టు ఎక్కువ పెట్టింది!" అని అరిచాడు.

"నానే" అన్నాను.