వంకర పోని రొయ్యలు

కెజియా చేతులు తన ట్రే మీదే ఉన్నా, కళ్లు మాత్రం ఎడమపక్క ట్రే మీద ఉన్నాయి. అంకాలమ్మ మూడో వరుస పేర్చి ముగించింది. అందులో ఐదు రొయ్యలు నడుము దగ్గర వంగి ఉన్నాయి. ఆమె ట్రేను ముందుకు నెట్టి, ఖాళీ ట్రే కోసం వెనక్కి తిరగగానే కెజియా ఆ ఐదింటినీ తీసి, పొట్టకింద కత్తిమొనతో ఇంకో గాటు పెట్టి, బొటనవేలితో అదిమి సాగదీసి మళ్లీ వరుసలో సర్దేసింది. అంకాలమ్మ ఇటు తిరిగేసరికి ఏమీ ఎరగనట్టు తన రొయ్య తాను ఒలుచుకుంటూ ఉంది. నలభై రోజులుగా ఇదే వరస.

సూళ్లూరుపేట దాటాక హైవే పక్కనున్న ఆ రొయ్యల ఫ్యాక్టరీలో దాన్ని జపాన్ టేబుల్ అంటారు. రొయ్యను ఒలిచి, తోక మాత్రం ఉంచి, పొట్టమీద నాలుగు గాట్లు పెట్టి, పలక మీద గీసిన గీత దాకా సాగదీస్తే నిటారుగా నిలుస్తుంది. గాటు లోతుగా పడితే తెగిపోతుంది. పైపైన పడితే నూనెలో వేయగానే మళ్లీ ముడుచుకుంటుంది. ఎంత లోతన్నది కంటికి తెలిసేది కాదు, వేలికి తెలియాలి. అంకాలమ్మ వేళ్లకు అది పంతొమ్మిదేళ్లుగా తెలుసు. ఐసునీళ్లలో నానీ నానీ ఆ వేళ్ల కొసలు ఇప్పుడు సున్నం కొట్టినట్టు తెల్లబడ్డాయి. టీ గ్లాసు కాలుతున్నా ఆమె గట్టిగానే పట్టుకుని ఉండడం కెజియా ఓ రోజు చూసింది. ఆ వేళ్లకు వేడి తెలియడం లేదని అప్పుడే అర్థమైంది.

పదకొండింటికి సూపర్‌వైజర్ మధుబాబు కెజియాను కోల్డ్ స్టోరేజీ వైపు నడవాలోకి పిలిచాడు. ముప్పై ఏళ్లు కూడా లేని మనిషి. చెప్పడానికి మొహమాటపడి కాసేపు తలుపు గొళ్లెం కదిలించాడు.

"అక్కా, నువ్వు చేసేదంతా కెమెరాలో కనపడతానే ఉండాది. నేను పైకి రాయలేదు. సోమవారం కొనేవాళ్లు వస్తారు, ఒక్కో టేబుల్ కాడ నిలబడి చూస్తారు. పెద్దామెను అట్టపెట్టెల సెక్షన్‌కి మారుద్దాం. నేను చెప్తే బాధపడుద్ది. నువ్వే చెప్పు."

"ఈ రోజే చెప్పాల్నా?"

"రేపు ఆదివారం గదా అక్కా."

ఆ రోజు వాళ్లిద్దరూ మద్రాసు వెళ్లాల్సిన రోజు. ఆరు నెలలకొకసారి, శనివారం షిఫ్టు దిగాక, నుంగంబాక్కంలో మూడో అంతస్తులో ఉన్న జపాన్ హోటల్లో బఫే తిని వస్తారు. తొమ్మిదేళ్లుగా ఒక్కసారీ తప్పలేదు.

రైల్లో కెజియా కుదురుగా కూర్చోలేకపోయింది. తలుపు దాకా వెళ్లింది, వచ్చింది, నీళ్లు తాగింది, మళ్లీ వెళ్లింది. గుమ్మిడిపూండి దాకా మనసులో మాటలు పేర్చుకుంది. ఎటు పేర్చినా చివరికి 'నీ చేతులు పనికిరావు' అన్నట్టే వస్తున్నాయి.

"ఏంది మే, సీటు కింద నిప్పులేమన్నా ఉండాయా?" అంది అంకాలమ్మ. చిలకపచ్చ చీర కట్టుకుంది. తలలో రెండు మూరల మల్లెలు. పెళ్లికి పోతున్నంత సంబరంగా ఉంది.

కెజియా పదహారేళ్ల కిందట, మొగుడు చెప్పాపెట్టకుండా పోయిన నెలలో, ఆ ఫ్యాక్టరీ గేటు దగ్గరకొచ్చి నిలబడింది. అప్పుడు అంకాలమ్మే లోపలికి తీసుకుపోయి తన కుడిపక్కన నిలబెట్టుకుంది. "నా చేతులు చూడు, నా మొగం చూడమాక" అంది. నెలపాటు కెజియా వేలిని తన వేలితో పట్టుకుని గాటు పెట్టించింది. తరవాత తన గది వెనకే కెజియాకూ ఓ గది చూసిపెట్టింది. అన్నాళ్లూ ఆ రొయ్యలు ఎందుకు నిటారుగా ఉండాలో ఇద్దరికీ తెలియదు. తొమ్మిదేళ్ల కిందట, పని మెరుగులు దిద్దడానికి వచ్చిన జపానావిడ వెళ్లిపోయే ముందు టేబుల్ వాళ్లందరినీ ఆ హోటల్‌కి తీసుకెళ్లింది. పళ్లెంలో బంగారు రంగు పిండి తొడుక్కుని కర్రలా నిలబడ్డ రొయ్యను అంకాలమ్మ చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసింది. "ఇది మనదే మే" అంది ఆఖరికి. వాళ్ల సరుకు ఓడెక్కి పోతుందనీ, ఇక్కడివి ఎక్కడో ఇంకెవరో చేసినవనీ కెజియా ఎన్నిసార్లు చెప్పినా ఆవిడ ఒప్పుకోలేదు.

"వాంగ నెల్లూరక్కా, అదే టేబులా?" అని హోటల్ గుమ్మంలోనే నవ్వుతూ స్వాగతం పలికాడు తమిళ సర్వరు.

అంకాలమ్మ తిండికి ఒక పద్ధతి ఉంది. ముందు పులుసు. గిన్నెను రెండు చేతులా ఎత్తి, అడుగున తేరిన బూడిదరంగు మడ్డితో సహా తాగేస్తుంది. తరవాత పచ్చి చేప ముక్కలు. పులికాట్ ఒడ్డున పుట్టిన మనిషి కదా, ముక్క నోట్లో పెట్టుకునే ముందు వాసన చూడకుండా ఉండలేదు. "మొన్నటిది" అని గుసగుసగా తీర్పు చెప్పి, మూడు ముక్కలు తింది. సముద్రపు నల్లాకు చుట్టిన అన్నం ముద్దలు తెచ్చుకుంది. వాటితో ఇచ్చే వాసబి అనే పచ్చముద్ద కాస్త నాలిక్కి రాసుకుని, ఘాటు ముక్కుకెక్కి కళ్లనీళ్లు కారుతుంటే మురిసిపోయింది. గులాబీరంగు అల్లం ఊరగాయను బఠాణీల్లా నములుతూ కూర్చుంది. తొమ్మిదేళ్ల కిందట అరగంటలో పుల్లలతో తినడం నేర్చుకున్నది అంకాలమ్మే. కెజియాకు ఇప్పటికీ చెంచానే గతి.

ఈసారి ఆమె పుల్లల మధ్యనుంచి అన్నం ముద్ద రెండుసార్లు జారింది. మూడోసారి నంజుకునే నల్ల సోయా పులుసు గిన్నెలో పడి, చీర మీద మరకలు చిందాయి. అంకాలమ్మ పుల్లలు రెండూ జతగా పక్కన పెట్టి, మొదటినుంచీ అలాగే తినాలనుకున్నట్టు చేత్తో తినసాగింది.

కెజియా ముందుకు వంగింది. "అక్కా, నీతో ఒక మాట."

"తిననీ మే."

కెజియా మళ్లీ, "అక్కా" అంది.

"రొయ్యలు తెచ్చుకుంటా, ఉండు." అంకాలమ్మ లేచి, నూనె మరుగుతున్న బల్ల దగ్గరికి వెళ్లింది. అక్కడ తెల్లటోపీ అతను రొయ్యల్ని తోకపట్టి మూకుట్లోకి జారవిడుస్తుంటే, ఏ ఒక్కటన్నా ముడుచుకుంటుందేమోనని మెడ సాచి చూస్తూ నిలబడింది. ఎనిమిది తెచ్చింది. ఏడు నిటారుగా ఉన్నాయి. ఎనిమిదోది కొడవలిలా వంగి ఉంది. దాన్ని తోకపట్టి కెజియా ముందు ఎత్తింది.

"దీన్ని చూడు. యాడో ఎవురికో వేళ్లు పన్జేయడంలా, పాపం." దాని వంపు మీద వేలు పెట్టింది. "పక్కన నీయట్టాది లేనట్టుండాది."

కెజియా చెంచా పళ్లెంలో పెట్టేసింది. చుట్టూ టేబుళ్లలో పళ్లేల చప్పుడు, పిల్లల నవ్వులు. ఆమె తలెత్తలేకపోయింది.

"నీకు తెలుసా అక్కా?"

"నా రొయ్య నాకు తెలవదా? నేను పెట్టేది నాలుగు గాట్లు. నువ్వు దిద్దిన వాటికి ఐదుంటాయి."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు దాంకోని చేస్తావుంటే నేనెట్ట చెప్పేది?"

కెజియా మధుబాబు అన్నదంతా చెప్పింది. పేర్చుకున్న మాటల్లో ఒక్కటీ వాడలేదు. సోమవారం సంగతి, కెమెరా సంగతి, అట్టపెట్టెల సంగతి గబగబా చెప్పేసి, చేతిరుమాలుతో ముక్కు తుడుచుకుంది. అంకాలమ్మ వింటూనే తింది.

"మంచి పిలగాడు. అట్టపెట్టెల కాడ చలి కూడా ఉండదు" అంది. వంకర రొయ్యను తోక మాత్రం మిగిల్చి తినేసింది. "రుచిలో ఏం తేడా లేదు మే." ఆ తరవాత ఇద్దరికీ పచ్చటి టీఆకు ఐస్‌క్రీం తెచ్చింది.

తిరుగు రైల్లో కెజియా గుండె కాస్త తేలికపడి కునుకు పట్టింది. భుజం మీద చెయ్యి పడి లేచేసరికి బండి తడ స్టేషన్లో ఆగుతోంది. అంకాలమ్మ సంచి భుజాన వేసుకుని నిలబడి ఉంది.

"తమ్ముడింటికి పొయ్యొస్తా. చిన్నపోలయ్య బండేసుకోనొచ్చి ఉంటాడు."

"రేపు సాయంత్రానికి వచ్చేస్తావా?"

అంకాలమ్మ తలలో మల్లెలు తీసి సగం తెంపి కెజియా ఒళ్లో పెట్టింది. "నిద్దరపోయి సూళ్లూరుపేట దాటిపొయ్యేవు, మేలుకోనుండు" అని దిగింది. ప్లాట్‌ఫాం మీద ఆమె నిదానంగా, ఎవరికోసమూ ఆగకుండా నడిచిపోవడం కిటికీలోంచి కనిపించింది.

ఆదివారం రాత్రికీ అంకాలమ్మ రాలేదు. సోమవారం కంపెనీ బస్సు హారన్ మోగించేదాకా కెజియా రోడ్డు మీద నిలబడి ఫోన్ చేస్తూనే ఉంది. ఆఖరికి తమ్ముడు చిన్నపోలయ్య ఎత్తాడు.

"అక్క బాగానే ఉండాది మా. వలలో ఎండ్రకాయలు ఏరతా ఉండాది. ఇంక పన్లోకి రాదంట, నిన్ను ఎదురుచూడొద్దని చెప్పమనింది."

"ఒక్కసారి ఇవ్వన్నా."

అవతల ఏదో మాట, గాలి. "చేతులు తడిగా ఉండాయంట మా" అన్నాడతను.

కొనేవాళ్లు వచ్చి, చూసి, మెచ్చుకుని వెళ్లారు. దిద్దాల్సిన ట్రే లేకపోయినా కెజియా కళ్లు రోజంతా ఎడమవైపుకే పోయాయి. అంకాలమ్మ పొట్టి మనిషి. టేబుల్ అందడం లేదని, చేరిన ఏడాదే కంపెనీ వాళ్లు ఆమె కాళ్లకింద జానెడెత్తు ప్లాస్టిక్ దిమ్మ ఒకటి వేయించారు. షిఫ్టు దిగే ముందు మధుబాబు వచ్చి, "దీన్ని తీయించేదా అక్కా?" అని అడిగాడు. కెజియా వద్దన్నట్టు తలూపింది. దిమ్మ మీద రెండు పాదాలు ఆనిన చోట అరిగి గుంటలు పడ్డాయి. టేబుల్ అంచునుంచి కారిన ఐసునీళ్లు ఆ రెండు గుంటల్లో నిండుగా నిలిచి ఉన్నాయి.