ఎర్ర గడి

"నువ్వు ఖాళీయే కదా, మన ఆడవాళ్ళు దిగులుని ఎన్ని రకాలుగా చెబుతారో ఓ మూడొందల వాక్యాలు రాసిపెట్టు," అన్నాడు సుహాస్. ఆ ఖాళీ మనిషి అప్పటికి ఒక పొయ్యి మీద దొండకాయ వేపుడు, ఇంకో పొయ్యి మీద చారు, మూడో దాని మీద ఆయనగారి టీ చూసుకుంటూ, కాలితో వాషింగ్ మెషీన్ తలుపు మూస్తోంది.

కర్ణుడు కవచకుండలాలతో పుడితే సుహాస్ చెవుల్లో ఇయర్‌ఫోన్లతో పుట్టాడు. నోయిడాలో ఆయన కంపెనీ ఒక యాప్ తయారుచేస్తోంది. మనసు బాగోలేనివాళ్ళు అందులో రాసుకుంటే యంత్రం జవాబిస్తుంది, అవసరమైతే కౌన్సెలర్‌ని కలుపుతుంది. ఇంగ్లీషులో, హిందీలో అది బ్రహ్మాండంగా ఓదార్చేది. తెలుగు దగ్గరే బోల్తా పడింది. ఎవరో ఇల్లాలు "గుండె చెరువైంది" అని రాస్తే, "వానాకాలం, చెరువు దగ్గర జాగ్రత్త" అందట.

భవ్యశ్రీ పెళ్ళికి ముందు తణుకులో తెలుగు టీచరు. నోయిడా పక్కన ఇందిరాపురంలో ఈ పద్నాలుగో అంతస్తుకి ఎక్కాక, మూడేళ్ళుగా ఆమె తెలుగు విన్నది ప్రెషర్ కుక్కరొక్కటే. పక్క ఫ్లాటు ఆవిడ పలకరిస్తే "ఠీక్ హూఁ దీదీ" అనేది. ఆ తరవాత చెప్పాల్సినదానికి ఆమె దగ్గర హిందీ లేదు. అత్తగారికి చెప్పబోతే, "ఊరికే కూర్చుంటే దిగులు కాక దీపావళి వస్తుందా?" అని ఫోను పెట్టేసింది.

రాయడం మొదలుపెట్టింది. ఏమీ తోచట్లేదు. ఒళ్ళంతా ఉసూరుమంటోంది. స్నానానికి లేవాలన్నా కొండెక్కినట్టుంది. ఎవరైనా పిలిస్తే పలికే ఓపిక కూడా లేదు. ఒక్కటీ కల్పించాల్సిన పని పడలేదు. పొద్దుటినుంచి లోపల అనుకున్నవి అనుకున్నట్టు రాసుకుంటూ పోతే సాయంత్రానికి పాతిక అయ్యేవి. పన్నెండు రోజుల్లో మూడొందలూ పూర్తయ్యాయి. ఆఫీసులో అందరూ సుహాస్ తెలుగుని మెచ్చుకున్నారు.

ఆదివారం ఇద్దరూ సోఫాలో కూర్చుని వాటిని గళ్ళలో సర్దారు. మామూలు దిగులు పచ్చ గడిలోకి, ప్రాణం మీదికి వచ్చేది ఎర్ర గడిలోకి. ఎర్ర గడిలో పడిన మాట కనబడితే యంత్రం వెంటనే మనిషిని పిలుస్తుంది.

సుహాస్ ఒకచోట ఆగి నవ్వాడు. "బట్టలు ఆరేయడానికి బాల్కనీలోకి వెళ్ళాలంటే భయంగా ఉంది... ఇదేంటి భవ్యా, పావురాలకా? దీన్ని ఎర్రలో పెట్టావేంటి, పచ్చలో పడేస్తా."

ఈ భయం ఎవరిదని అడుగుతాడేమోనని ఆమె ఆయన మొహంలోకి చూసింది. అడగలేదు.

"అది ఎర్రలోనే ఉండనివ్వండి," అంది.

"అచ్ఛా, టీచరమ్మ చెప్పాక తప్పుతుందా."

మూడు వారాలకి యాప్ సిద్ధమైంది, తెలుగు కౌన్సెలర్లు కూడా చేరారు. సుహాస్ దాన్ని ఆమె ఫోనులో ఎక్కించి, "ఏదో ఒకటి కొట్టి చూడు, పనిచేస్తుందో లేదో," అని ఒళ్ళో పడేసి, పక్కనే కూర్చుని క్రికెట్ పెట్టుకున్నాడు. మోకాలికి మోకాలు తగిలేంత పక్కన.

భవ్య ఆ బాల్కనీ మాటే రాసింది.

యంత్రం నవ్వలేదు. పావురాల ఊసెత్తలేదు. "ఎన్నాళ్ళనుంచి ఇలా ఉంది?" అంది.

"వానలు మొదలైనప్పటినుంచి."

"అక్కడ నిలబడితే మిమ్మల్ని మీరు ఏం చేసుకుంటారోనని భయమా?"

అక్షరాలు మసకబారాయి. మూడేళ్ళలో ఆమెని ఎవరూ రెండో ప్రశ్న అడగలేదు. కొంగుతో కళ్ళు తుడుచుకుని "అవును" అని రాసింది.

"ఇప్పుడు మీ పక్కన ఎవరైనా ఉన్నారా?"

అవతల ఫోర్ పడింది. సుహాస్ తొడ చరుచుకున్నాడు, మోచెయ్యి ఆమెకి తగిలింది. చూసుకోలేదు. ఆమె మాత్రం ఆయన్ని తలనుంచి కాళ్ళదాకా, సంబంధం చూడటానికి వచ్చిన రోజున చూసినంత శ్రద్ధగా చూసింది.

"లేరు," అని రాసింది.

వెంటనే ఫోను మోగింది.

"టెస్టింగ్ కాల్ అయ్యుంటుంది, కట్ చేసెయ్," అన్నాడు సుహాస్, టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా.

ఆమె ఎత్తింది. నరసాపురం వైపు యాసలో ఒక నడివయసు గొంతు: "అమ్మా, నేను ఆనందకుమారిని, కౌన్సెలర్ని. ఇందాకట్నుంచి మావోళ్ళ టెస్టింగులే వత్తున్నాయి. ఇదీ అదేనా తల్లీ?"

భవ్యశ్రీ లేచి, వీధి తలుపు తీసుకుని వెళ్ళి, మెట్ల మీద కూర్చుంది.

"పేరు రాసుకోండి మేడమ్," అంది. "ఇది టెస్టింగ్ కాదు."