ఆపా ఇంటికి వెళ్ళిన బెత్తం

నేను ఒక బెత్తాన్ని. ఆ మాట వినగానే అరచేతులు దాచుకునే వాళ్ళు మీలో చాలామందే ఉంటారు. భయపడకండి. నేను ఇంతవరకు ఎవరినీ కొట్టలేదు.

ప్రొద్దుటూరు బజారులో బుట్టలల్లే ఒక ముసలాయన చేతిలో తయారయ్యాను. నాతోపాటు వచ్చిన బెత్తాలన్నీ వంగి పసిపిల్లల ఉయ్యాల అయ్యాయి. నేను పొట్టిగా మిగిలిపోయాను, వంచడానికి కూడా పనికిరాలేదు. ముసలాయన నన్ను నిప్పు సెగన కాచి, నూనె రాసి, కొట్టు ముందు వేలాడదీశాడు. నన్ను కొన్నవాడు పంక్చర్ షాపు ఇమాంకాసిం. అతనికి రవూఫ్ అని ఒక కొడుకున్నాడు, గాలి నింపిన ట్యూబులాగా ఒకచోట నిలవడు. కన్నకొడుకు మీద చెయ్యెత్తడానికి మనసు రాక, ఆ పని ఇంకొకరికి అప్పజెప్పడానికి నన్ను మక్తబ్‌కి తీసుకెళ్ళాడు. మక్తబ్ అంటే మసీదు పక్క గదిలో చిన్నపిల్లలకు అలిఫ్, బే అంటూ అరబ్బీ అక్షరాలు నేర్పే బడి.

"ఆపా, మావోడు అస్సలు మాట వినడంల్యా. ఇది మీకాడ పెట్టుకోండి. రెండు తగిలిస్తే దారికొస్తాడు" అన్నాడు.

అక్కడ పాఠం చెప్పే హమీదున్నీసాను ఊరంతా ఆపా, అంటే అక్క, అనే పిలుస్తుంది. అసలు పేరు ఎంతమందికి గుర్తుందో అనుమానమే. ఆమె నన్ను మర్యాదగా తీసుకుని కిటికీ పక్క మేకుకు తగిలించింది. అంతే, మళ్ళీ ముట్టుకోలేదు. పిల్లలు గోల చేసి ఆమెకు ఒళ్ళు మండినప్పుడల్లా, నిలబడ్డచోటే చాప మీద కూర్చునేది. "కోపమొస్తే నిలబడినోళ్ళు కూర్చోవాలని ప్రవక్త చెప్పినారు. ఇప్పుడు ఆపాకి కోపమొచ్చింది, అందుకే కూర్చుంది" అనేది. పిల్లలు ఠక్కున నోళ్ళు మూసుకునేవాళ్ళు. రవూఫ్ కూడా అలవికాని కోపం వస్తే చతికిలబడడం నేర్చుకున్నాడు. నాకు మాత్రం ఆ మేకు మీద దుమ్ము తప్ప తోడు లేదు. ఒక్క చెయ్యయినా నన్ను పట్టుకోకూడదా అని ఎంత తపించానో ఎవరికి తెలుసు?

తల్లులు మాత్రం ఆపాని వదిలేవాళ్ళు కారు. ఒకామె కొడుకు అన్నం తినడు, ఇంకొకామె కూతురు అబద్ధాలాడుతుంది. ఇంట్లో చెప్పాల్సినవన్నీ ఆపాయే చెప్పాలి. ఆమె అందరికీ నవ్వుతూ తలూపేది. భర్త లారీ మీద పోతే వారాల తరబడి తిరిగిరాడు. నాలుగేళ్ళ కూతురు సఫియా మక్తబ్‌లో ఓ మూల కూర్చుని, తక్కిన పిల్లల్లాగే తల్లిని ఆపా అనే పిలిచేది. ఇంటికి పోయాక అమ్మీ అనేది.

రంజాన్ నెల రాబోతోందని మసీదుకీ గదికీ సున్నం వేయడం మొదలుపెట్టారు. ఆపా పలకలన్నీ మూటగట్టి, నన్నూ అందులో దూర్చి ఇంటికి తీసుకెళ్ళింది. నాకు పండగలాగా ఉంది. మనుషుల మధ్యకు వెళ్తున్నాను కదా!

ఆ సాయంత్రం ఆపాకు తల పగిలిపోతోంది. ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడే ఓపిక లేదు. సఫియా పొద్దుటినుంచి ఇంటికెప్పుడు పోతామా, అమ్మీ ఎప్పుడు దొరుకుతుందా అని ఎదురుచూసినట్టుంది, కొంగు పట్టుకుని తిరుగుతూ "అమ్మీ, చూడు. అమ్మీ, ఇటు చూడు" అంటూనే ఉంది. ఆ తిరుగుడులో మోచెయ్యి తగిలి పప్పు గిన్నె బోర్లా పడింది. ఆపా అరిచిన అరుపు నేను మక్తబ్‌లో ఎన్నడూ వినలేదు. మూటలోంచి నన్ను లాగింది. ఇన్నాళ్ళకు ఒక చెయ్యి నన్ను పట్టుకుంది, కానీ సంతోషం మాట అటుంచి నాకు భయమేసింది. నేను పైకి లేచాను.

సఫియా గోడకు కరుచుకుపోయి కళ్ళు మూసుకుంది. "ఆపా! ఆపా!" అని కేకలు పెట్టింది.

ఆపా చెయ్యి ఆగిపోయింది. "ఎవర్ని పిలుస్తుండావే? నేనే గదా ఆపా?"

"నువ్వు కాదు. నువ్వు అమ్మీవి. మక్తబ్‌లో ఆపా కావాల. ఆమె కొట్టదు."

నేను నేలమీద పడ్డాను. ఆపా ఆ ఒలికిన పప్పులోనే కూలబడి, కూతుర్ని ఒళ్ళోకి లాక్కుని వెక్కివెక్కి ఏడ్చింది. ఊరి పిల్లలందరికీ పంచిన ఓర్పులో కన్నబిడ్డకు ఒక్క పిడికెడు మిగల్లేదని ఆమెకు అప్పుడే తెలిసింది. నాకూ ఏడవాలనిపించింది, కానీ చెక్కకు కన్నీళ్ళెక్కడివి?

మర్నాడు పొద్దున్నే ఆమె పంక్చర్ షాపుకు వచ్చింది.

"భాయ్, ఇది మీరే పెట్టుకోండి."

"ఏం ఆపా, మావోడు మళ్ళీ ఏమన్నా చేసినాడా?"

"వాడేం చేయలే. నేనే నిన్న నా బిడ్డ మీద ఎత్తినాను."

ఇమాంకాసిం చేతిలోని ట్యూబు పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు. ఆమె ముఖాన్ని అతను సరిగ్గా చూడడం అదే మొదటిసారి అనుకుంటాను.

"ఆపా, మీరు బాగుండారా?"

"అల్‌హందు..." అంటూ అలవాటుగా మొదలుపెట్టి, ఆమె మధ్యలో ఆగిపోయింది. అందరికీ ఇచ్చే జవాబే అది. దేవుడి దయవల్ల బాగున్నానని చెప్పేశాక ఇంకెవరు మాత్రం ఏమడుగుతారు?

"బాగలేను భాయ్. రెండు చేతులు చాలడంల్యా" అంది.

"మీ ఒంటిక్కూడా మీ మీద హక్కుంది ఆపా. ప్రవక్త చెప్పిన ఈ మాట మీరే గదా పిల్లోళ్ళకు నేర్పేది" అన్నాడతను. తర్వాత చేతులు తుడుచుకున్నాడు. "సున్నం పని అయిపోనీ. మక్తబ్ తెరిచినాక మా ఇంట్లోవాళ్ళు వచ్చి పిల్లోళ్ళని చూసుకుంటారు. మీరు పెందలాడే ఇంటికి పోండి."

అతని భార్య నిజంగానే వెళ్తోంది. ఇద్దరు ముగ్గురు తల్లులు కూడా వంతులేసుకున్నారని షాపుకొచ్చేవాళ్ళ మాటల్లో విన్నాను. నేను మాత్రం ఇక్కడ, పాత టైర్ల వెనక గోడకానుకుని ఉన్నాను. రబ్బరు వాసన. పిల్లల గొంతులు వినిపించవు. ఎవరూ నన్ను ముట్టుకోరు, ఎవరైనా ముట్టుకోవాలని నాకూ లేదు.

కానీ ఒక్క సంగతి తెలుసుకోవాలని ఉంది. ఇప్పుడు ఇంట్లో భయమేసినప్పుడు సఫియా ఎవరిని పిలుస్తోంది? ఆపానా, అమ్మీనా? వచ్చి చెప్పడానికి, బెత్తాన్ని పలకరించే వాళ్ళెవరున్నారు?